దుంపల బండి, తోరా మోటార్‌సైకిల్

అద్దంలో మోటార్‌సైకిల్ కనపడగానే ఎస్కిల్ పోలీసేమో అనుకున్నాడు.

అది ట్రాక్టర్‌ని దాటి ముందుకొచ్చింది. నడిపే మనిషి చెయ్యెత్తి, పక్కనున్న బస్టాపు చూపించి, అక్కడ ఆపమని సైగ చేసింది. ఎస్కిల్ ఆపాడు. వెనక ట్రైలర్‌లో కొండలా పోసిన చక్కెర దుంపలు ఒకసారి కదిలి సర్దుకున్నాయి.

హెల్మెట్ తీస్తే పోలీసు కాదు. ముప్పై ఏళ్లు కూడా ఉండని అమ్మాయి. పొట్టి జుట్టు, చలికి ఎర్రబడిన ముక్కు. జాకెట్ జిప్పు లాగి లోపల్నించి ఒక తెల్ల దుంప తీసి, ట్రాక్టర్ మెట్టు మీద పెట్టింది.

"ఇది మీదేనా?"

ఎస్కిల్ దుంప వంకా, ఆమె వంకా చూశాడు.

"అయ్యుండొచ్చు. పేరు రాసుండదు కదండీ."

"నవ్వొస్తోందా? దీని బరువెంతో తెలుసా మీకు?"

"కిలోంబావు ఉంటుంది."

"నా ముందు చక్రం కిందికి వచ్చినప్పుడు టన్నుంది! మీ పొలం దగ్గర మలుపు తిరగ్గానే రోడ్డు నడిమధ్య ఇదీ. కుడిపక్క రోడ్డంచున మీ బండి టైర్లు వదిలిన బురద. ఎడమపక్క ఎదురుగా లారీ. చెప్పండి, మీరైతే ఎటు వెళ్తారు?"

ఎస్కిల్ వంగి మెట్టు మీది దుంప చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడే ఆమె చేతులు కంటబడ్డాయి. గొంతు అంత ధాటిగా ఉంది కానీ, వేళ్లు గ్లవ్స్‌ని తడిగుడ్డలా పిండేస్తున్నాయి.

అతని నవ్వు ఎటు పోయిందో పోయింది.

"సారీ అండీ. నిజంగా నేను చూసుకోలేదు."

"చూసుకోరు. మీరు అంత ఎత్తున కూర్చుంటారు. అక్కణ్ణించి రోడ్డు మీదేముందో కనపడదు, ముందున్న దారి మాత్రమే కనపడుతుంది." ఆమె హెల్మెట్ మళ్లీ పెట్టుకోబోయి ఆగింది. "ఆదివారం ఖాళీయేనా?"

"ఎందుకు?"

"నా వెనక కూర్చుని ఈ రోడ్డు ఒక్కసారి చూడండి. ఇరవై కిలోమీటర్లు, అంతే. నా పేరు తోరా. నాక్స్కోవ్ ఊళ్లో బైకు నేర్పుతాను. పది గంటలకి వస్తాను. భయమైతే ఇప్పుడే చెప్పండి."

"నాకెందుకు భయం?" అన్నాడు ఎస్కిల్. ఆ మాట అన్నందుకు ఆదివారం దాకా రోజూ పశ్చాత్తాపపడ్డాడు.

*

వాళ్లుండే ద్వీపంలో అక్టోబరు వచ్చిందంటే పొలాల్లో దుంపలు తవ్వడం, చక్కెర ఫ్యాక్టరీకి తోలడం తప్ప ఇంకో ధ్యాస ఉండదు. ఎస్కిల్ తండ్రి ప్రేబెన్ నలభై ఏళ్లుగా అదే పని చేస్తున్నాడు. బురద సంగతి కొడుకు ఎత్తితే ఆయన రొట్టె మీద వెన్న రాసుకుంటూ తల కూడా ఎత్తలేదు.

"పొలమన్నాక బురద ఉంటుందిరా. రోడ్డు మన పొలం పక్కకొచ్చింది కానీ, పొలం వెళ్లి రోడ్డు పక్కన కూర్చోలేదు."

"ఆ అమ్మాయి పడిపోయేది నాన్నా."

"పడలేదుగా?" అని, వెన్న కత్తి పక్కన పెట్టి కొడుకు మొహం కాస్త పరీక్షగా చూశాడు ప్రేబెన్. "బాగుంటుందా?"

"ఎవరు?"

"రోడ్డు గురించి కాదులే నేనడిగింది."

*

ఆదివారం పదింటికి తోరా వచ్చింది. తెచ్చిన జాకెట్ ఎస్కిల్‌కి చేతుల దగ్గర పొట్టైంది. హెల్మెట్‌లో మైకూ, చిన్న స్పీకరూ ఉన్నాయి. ఆమె గొంతు చెవిలోనే మాట్లాడుతున్నట్టు వినపడేసరికి అతనికి సగం ధైర్యం అప్పుడే జారిపోయింది.

"నా నడుం పట్టుకోండి. మొహమాటపడితే వెనక్కి పడతారు."

మొదటి మలుపులో బండి పక్కకి వాలగానే ఎస్కిల్ మొహమాటం మొత్తం వదిలేశాడు.

"అదుగో, అది మీ బురదే. ఎండితే పర్లేదు, తడిస్తే సబ్బు. ఇప్పుడు చెట్ల కింద చూడండి, తడి ఆకులు. అవీ అంతే. ఆ నల్లగా మెరిసేది రోడ్డుకి అతుకేసిన తారు. వానలో దాని మీద బ్రేకు వేస్తే నేను, మీరు, బండి, ముగ్గురం మూడు దారుల్లో వెళ్తాం."

"మెల్లగా వెళ్లొచ్చు కదండీ!"

"మెల్లగానే వెళ్తున్నాను. యాభై కూడా లేదు."

పెద్ద రోడ్డెక్కాక ఎదురుగా ఒక లారీ వచ్చింది. అది దాటిన గాలికి బండి మొత్తం గోడకి గుద్దుకున్నట్టు అదిరింది. ఇంకాస్త దూరంలో పక్క సందులోంచి ఒక కారు ముక్కు బయటికి పెట్టింది. డ్రైవరు నేరుగా ఇటే చూస్తున్నాడు. చూస్తూనే ముందుకొచ్చేశాడు. తోరా అప్పటికే వేగం తగ్గించి ఉంది.

"మనల్ని చూశాడు కదా!" అన్నాడు ఎస్కిల్.

"కళ్లు ఇటు తిప్పాడు. చూడలేదు. వాళ్లు కార్ల కోసం వెతుకుతారు, మన కోసం కాదు. అందుకే వాళ్ల కళ్లు నమ్మను, చక్రం నమ్ముతాను. చక్రం కదిలిందంటే వచ్చేస్తున్నట్టే."

తిరిగి ఇంటి ముందు ఎస్కిల్ మెల్లగా దిగాడు. గేటు పట్టుకుని నిలబడ్డాడు.

"ఎలా ఉంది?" అంది తోరా.

"రోజూ ఇలాగే ఉంటుందా?"

"రోజూ. అయినా ఎక్కుతాను. ఎందుకని అడక్కండి, చెప్పలేను." నడుం మీద చెయ్యి వేసుకుని మొహం చిట్లించింది. "పట్టుకోమన్నాను కానీ, ఎముకలు విరిచెయ్యమన్లేదు."

ఎస్కిల్ చెవులు ఎర్రబడ్డాయి. "కాఫీ తాగుతారా?"

"నువ్వు పెడితే తాగుతాను," అందామె. అన్నాక, ఏకవచనం ఎప్పుడు వచ్చిందో ఇద్దరూ ఒక్కసారే గమనించి, ఇద్దరూ గమనించనట్టే లోపలికి నడిచారు.

*

మర్నాటి నుంచి ఎస్కిల్ పని రెండింతలైంది. ట్రైలర్ అంచుకి జానెడు కిందికే దుంపలు నింపేవాడు. పొలంలోంచి రోడ్డెక్కగానే దిగి టైర్ల సందుల్లో మట్టి పారతో గీకేవాడు. మలుపుకి రెండు వైపులా హెచ్చరిక బోర్డులు పెట్టాడు. పాత ట్రాక్టర్ ముందు పెద్ద బ్రష్షు కట్టి, ప్రతి ట్రిప్పుకీ రోడ్డు ఊడ్చాడు. మలుపు ఇక ఎప్పుడూ శుభ్రంగా ఉంటుందని కాఫీ దగ్గర తోరాకి మాటిచ్చాడు మరి.

"రాజుగారేమన్నా వస్తున్నారా ఇటు?" అనేవాడు ప్రేబెన్.

రాజుగారు కాదు. రోజూ మధ్యాహ్నం రెండింటికి తోరా తన శిష్యుల్ని వెంటబెట్టుకుని వచ్చేది. ఇద్దరు కుర్రాళ్లు, అరవై దాటిన ఒక రిటైర్డు పోస్టావిడ. కోడిపిల్లల్లా వరసగా. మలుపు దగ్గర బాగా నెమ్మదించి, ఎడమ చెయ్యి రెండు వేళ్లు కిందికి చాపి పలకరించేది. మోటార్‌సైకిల్ వాళ్లు ఒకళ్లకొకళ్లు చేసుకునే పలకరింపు అది. ఎస్కిల్ ట్రాక్టర్ మీంచి అదే తిరిగి చేసేవాడు. ఇలా చేసే ట్రాక్టర్ డ్రైవరు దేశం మొత్తం మీద తనొక్కడేనని తోరా మెసేజ్ పెట్టింది. దానికి జవాబు రాయడానికి ఎస్కిల్‌కి గంట పట్టింది. చివరికి పంపింది రెండు ముక్కలు: "రేపు కాఫీ?"

ఆ రేపు కాఫీ తాగారు. ఆ తర్వాతి రేపు కూడా తాగారు.

*

నవంబరు మొదటి వారంలో ఒకరోజు ఫ్యాక్టరీ ముందు ట్రాక్టర్లు కిలోమీటరు పొడవున ఆగిపోయాయి. ఎస్కిల్ క్యూలోంచి ఇంటికి ఫోన్ చేశాడు.

"నాన్నా, ఇక్కడ రెండు గంటలు పట్టేలా ఉంది. వచ్చేటప్పుడు మలుపు ఊడవలేదు. నువ్వు ఒక్కసారి బ్రష్షు తోలవా? రెండింటిలోపల."

"తోల్తాలేరా. పెట్టెయ్."

వాన మొదలైంది. ప్రేబెన్ దుంపలు తవ్వే మిషన్ కింద పడుకుని తెగిన గొలుసు బిగిస్తున్నాడు. ఇంకో బోల్టు, ఇంకో బోల్టు అనుకుంటూ ఉండగా రెండు దాటింది.

ఎస్కిల్ వెనక్కి వచ్చేసరికి మలుపు దగ్గర బైకులు రోడ్డు పక్కన ఆపి ఉన్నాయి. ఒకటి మాత్రం కాలవగట్టు మీద పక్కకి పడి ఉంది.

ట్రాక్టర్ ఆపాడో దూకాడో అతనికే తెలియదు.

తోరా గడ్డిలో కూర్చుని ఉంది. ఎడమ చేత్తో కుడి భుజం అదిమి పట్టుకుంది. పోస్టావిడ తన జాకెట్ తీసి ఆమెకి కప్పింది. ఎదురుగా వచ్చిన కారొకటి గీత దాటి సగం రోడ్డు మీదికొచ్చిందట. తప్పించుకోవడానికి తోరా అంచుకి జరిగింది. అంచున బురద.

"అంబులెన్సు వస్తోంది," అంది పోస్టావిడ. "భుజం దగ్గర ఎముక విరిగిందనుకుంటా."

తోరా తలెత్తి చూసింది. మొహం తెల్లగా పాలిపోయి ఉంది.

"ఇవాళ ఊడవలేదా?" అంది. కోపం కూడా లేదు గొంతులో. అదే అతన్ని ఎక్కువ కోసింది.

నాన్నకి చెప్పానని నాలుక చివరిదాకా వచ్చింది. గేటు దగ్గర గ్రీజు చేతులతో నిలబడి ఉన్న తండ్రి కనపడ్డాడు.

"లేదు. తప్పు నాదే," అన్నాడు.

"నేను నమ్మాను ఎస్కిల్. నా శిష్యులకి కూడా చెప్పాను, ఈ మలుపు పర్లేదని."

అంబులెన్సు వెళ్లిపోయాక ఎస్కిల్ పార తీసుకుని రోడ్డు గీకడం మొదలుపెట్టాడు. వాన కురుస్తూనే ఉంది. కాసేపటికి పక్కన ఇంకో పార చప్పుడు వినపడింది.

"ఆ అమ్మాయికి నేను చెప్తానురా," అన్నాడు ప్రేబెన్.

"వద్దు."

"నా వల్లే కదా..."

"ఆ ట్రైలర్ తోలింది నేను నాన్నా. వదిలెయ్."

*

మూడు వారాలు తోరా నుంచి మెసేజ్ లేదు. ఎస్కిల్ పంపినవి నాలుగు. అయిదోది రాసి తుడిచేశాడు.

ప్రేబెన్ మాత్రం ఊరుకోలేదు. పడిపోయిన బండిని షెడ్డులోకి తెచ్చి, వంగిన హ్యాండిల్ మార్చి, పగిలిన అద్దం కొత్తది వేసి, తన ట్రాక్టర్‌కి కూడా ఎప్పుడూ పెట్టనంత మెరుగు పెట్టాడు. ఒకరోజు శుభ్రమైన చొక్కా వేసుకుని, ఎక్కడికో చెప్పకుండా కారు తీసుకుని వెళ్లాడు.

మర్నాడు మధ్యాహ్నం బస్సులోంచి తోరా దిగింది. కుడి చెయ్యి మెడకి కట్టిన గుడ్డలో ఉంది. గాలికి జుట్టు ఎగిరిపోతోంది. ఎస్కిల్ గుర్తుపట్టి ఎదురు వెళ్లేలోపలే కేకలు మొదలయ్యాయి.

"నీకు బుద్ధుందా?"

"తోరా..."

"మీ నాన్న వచ్చి మా సోఫా మీద కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు! అంత పెద్దాయన! 'నాకు చెప్పాడమ్మా, నేనే మర్చిపోయాను' అని. ఎందుకు చెప్పలేదు నువ్వు?"

"ఏం చెప్పను? నువ్వు గడ్డిలో కూర్చుని ఉంటే, మా నాన్నని చూపించనా? చీపురు ఎవరి చేతిలో ఉందని కాదు కదా. మాటిచ్చింది నేను."

"మూడు వారాలు నీ మీద కోపంగా ఉన్నాను. ఒంటిచేత్తో తల దువ్వుకుంటూ, ఒంటిచేత్తో రొట్టె కోసుకుంటూ, పైనుంచి కోపం కూడా! ఎంత కష్టమో తెలుసా?"

నవ్వకూడదనుకుంటూనే ఎస్కిల్ నవ్వేశాడు. ఆమె కూడా నవ్వబోయి, భుజం నొప్పి పుట్టి "అబ్బా" అంది. అతను కంగారుగా చెయ్యి చాపి, ఎక్కడ పట్టుకోవాలో తెలియక గాల్లోనే ఆపేశాడు.

"పట్టుకోవచ్చు," అంది తోరా మెల్లగా. "ఎడమ పక్క పర్లేదు."

పట్టుకున్నాడు.

"నీకో సంగతి చెప్పాలి. తిట్టకూడదు," అందామె. "మీ మలుపు దగ్గర నేను అంత నెమ్మదించాల్సిన పనే ఉండేది కాదు. మొదటి వారం తర్వాత రోడ్డు అద్దంలా ఉండేది. తడి ఆకులుండొచ్చని శిష్యులకి అబద్ధం చెప్పేదాన్ని. లేకపోతే నువ్వు పొలంలో ఎక్కడున్నావో చూడ్డానికి టైం సరిపోయేది కాదు."

గంట కూర్చుని మెసేజ్ రాసుకునే మనిషి, ఇప్పుడు ఎక్కడ రాసుకుంటాడు?

"నేను... ఒంటిగంటన్నర నుంచే ఆ రోడ్డు పక్క చాలులోకి వచ్చేసేవాణ్ణి," అన్నాడు చివరికి. "అక్కడ తవ్వడానికి ఏమీ లేకపోయినా. తోరా, నువ్వంటే నాకు చాలా ఇష్టం. బండి ఎక్కడమంటే మాత్రం ఇప్పటికీ భయమే."

"అది నేను నేర్పుతాలే. నా పనే అది."

ముందు వంటింట్లో కాఫీ అయింది. తర్వాత షెడ్డులో బండి చూశారు. తోరా కొత్త అద్దాన్ని ఎడమ చేత్తో తడిమి, ప్రేబెన్ బుగ్గ మీద ముద్దు పెట్టింది. ఆయన గ్రీజు గుడ్డ కోసం హడావిడిగా అటూ ఇటూ వెతికాడు. ఈ సందట్లో మూడున్నర బస్సు వెళ్లిపోయింది.

"కారులో దింపుతాను," అన్నాడు ఎస్కిల్. "నాన్నా, తాళాలేవి?"

ప్రేబెన్ జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. "కారు నాకు కావాలి. పనుంది."

"నీకేం పని ఇప్పుడు?"

"ఉంటాయిరా నాకూ పనులు. ట్రాక్టర్ ఉందిగా, పక్క సీటు కూడా ఉంది. అమ్మాయి చలికి వణకకుండా హీటర్ వెయ్యి." అని, ఇద్దరి మొహాలూ చూడకుండా ఇంట్లోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

ట్రాక్టర్ కేబిన్‌లో పక్క సీటు ఇరుకు. తోరా భుజం కుదుపులకి నొప్పి పుట్టకుండా ఎస్కిల్ తన కోటు మడిచి వెనక పెట్టాడు. గేటు దాటి పెద్ద రోడ్డెక్కారు. ట్రాక్టర్ వేగం గంటకి నలభై మించదు. కాసేపటికి వెనక ఒక కారు, దాని వెనక ఇంకోటి, ఆ వెనక ఒక వ్యానూ చేరాయి. ఎవరో హారన్ కొట్టారు.

తోరా అద్దంలోకి చూసింది. తర్వాత అతని మోచేతి మీద చెయ్యి వేసింది.

"ముందు బస్టాపు దగ్గర పక్కకి తియ్యి ఎస్కిల్. వాళ్లని వెళ్లిపోనీ. మనకేం తొందర?"