తండ్రి వీపు మీద కవలలు

మదనపల్లె టమేటా మార్కెట్‌లో వేలం పాట జోరుగా సాగుతోంది. లుంగీ కట్టి, మెడలో తువ్వాలు వేసుకున్న కమీషన్ ఏజెంట్ ఒకడు క్రేట్ల మధ్య నిలబడి ఉన్నాడు. బంగారు గొలుసు, తెల్ల చొక్కా వేసుకున్న షావుకారు అతని దగ్గరికి వచ్చి ఒక కాయ నొక్కి చూశాడు.

“కాయ గట్టిగా ఉండాదా అప్పా?”

“మద్రాసు దాకా తట్టుకుంటాది.”

“నాకు మద్రాసు కాదు. మనాస్.”

కమీషన్ ఏజెంట్ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మనాస్ బ్రెజిల్ అడవుల నడుమ ఉండే నగరం. మదనపల్లె టమేటా లారీ అక్కడికి ఎప్పుడూ పోదు. కోడ్ కలిసింది.

లుంగీలో ఉన్నది సొలొమోను, సెక్షన్ నైన్ డిప్యూటీ చీఫ్. గొలుసు వేసుకున్నది ఏజెంట్ మునిశేఖర్. విదేశాల నుంచి జంతువులను దొంగతనంగా తెచ్చే ముఠాలను పట్టే రహస్య విభాగం సెక్షన్ నైన్. దాని పేరు ఏ బోర్డు మీదా కనిపించదు.

“టార్గెట్?” అన్నాడు మునిశేఖర్, కాయలు ఏరుతున్నట్టు నటిస్తూ.

“క్లౌస్. పాస్‌పోర్టులు నాలుగు, ముఖం ఒకటి. పుంగనూరు దగ్గర పొట్టి ఆవుల ఫారం పెట్టాడు. ముందర ఆవులు, వెనక షెడ్డులో కోతులు. మార్మోసెట్ అంటారు. దక్షిణ అమెరికావి. ఉడతంత ఉంటాయి.”

“ప్లాన్?”

“వాడి దగ్గర ఒక జత ఉండాది. ఒకదాన్ని నీకు అమ్ముతాడు. రెండోదాన్ని శాంపిల్‌గా బెంగళూరు కొనుగోలుదార్ల దగ్గరికి తానే తీసుకుపోతాడు. వాళ్లు సరే అంటే అక్కడ అడవులు ఖాళీ చేసి ఈడికి దింపుతాడు. ఫారం కాగితాలు ఇంకొకరి పేరున ఉండాయి, కోతి వాడి చేతిలో ఉండగానే పట్టుకోవాల. లేదంటే వాడు వట్టి టూరిస్టు.”

సొలొమోను ఒక టమేటాను అతని చేతిలో పెట్టాడు. దాని కింద చింతగింజంత ట్రాన్స్‌మిటర్ ఉంది.

“లోపల మన మనిషి ఉండాది. షైలజ. వాళ్లకు షెల్లీ. డబుల్ ఏజెంట్.”

“డబుల్ అంటే రెండువైపులా అమ్ముడుపోయిందని అర్థం సర్.”

“ఆమె పుంగనూరు పిల్ల. నేను నమ్ముతాండాను.”

“నేను నమ్మను,” అన్నాడు మునిశేఖర్.

ఫారం గేటు దగ్గర షైలజే ఎదురొచ్చింది. నల్ల కళ్లద్దాలు, ఎర్ర కారు, పది అడుగుల ముందే తాకే సెంటు. ఆమెను చూడగానే మునిశేఖర్ అనుమానం రెట్టింపయింది.

వెనక షెడ్డులో రెండు పంజరాలు పక్కపక్కన ఉన్నాయి. ఒకదానిలో తుమ్మ కొమ్మ కట్టి ఉంది. చెవుల మీద తెల్లటి కుచ్చులున్న చిన్న కోతి ఆ కొమ్మ బెరడును పళ్లతో గీకి, ఊరిన బంకను నాకుతోంది. దాని వేళ్లకు మన కోతుల్లా చదును గోళ్లు లేవు, ఉడతలా వాడి గోళ్లున్నాయి. రెండో పంజరంలోని కోతి వీపు మీద బొటనవేలంత పిల్లలు రెండు కరచుకుని ఉన్నాయి. ఆ బరువుకు దాని నడుము వంగిపోయింది.

“పాపం, తల్లి ఇద్దర్ని మోస్తాండాది,” అన్నాడు మునిశేఖర్.

క్లౌస్ ఎర్రటి ముఖం మీద నవ్వు పాకింది. “వన్ ఓన్లీ. చూజ్.”

“రెండింటినీ కలిపి అడుగప్పా,” అంది షైలజ తెలుగులో, బేరం చెబుతున్నట్టే నవ్వుతూ. “విడదీస్తే బిడ్డలు దక్కవు.”

రెండూ తానే కొంటే ట్రాన్స్‌మిటర్ దేనితో పోవాలి? క్లౌస్ ఖాళీ చేతులతో తప్పించుకోవాలనే ఈమె ఎత్తు అనుకున్నాడు మునిశేఖర్.

“పిల్లలున్నదాన్నే నాకియ్యండి. ఆ మగదాన్ని మీ సారునే పెట్టుకోమను.”

షైలజ నోరు తెరిచింది. క్లౌస్ ఆమె వైపు చూశాడు. ఆమె నోరు మూసుకుంది.

“గుడ్ చాయిస్,” అన్నాడు క్లౌస్.

ఒంటరి కోతిని చివరిసారి ముద్దు చేస్తున్నట్టు వంగి, మునిశేఖర్ చింతగింజను పంజరం అడుగున అంటించాడు. షైలజ అది చూసింది.

పుంగనూరు బస్టాండు పక్కన కారు ఆపి అతను ఫోన్ స్క్రీన్ మీద ఎర్రచుక్కను చూస్తూ కూర్చున్నాడు. చుక్క కదలలేదు. క్లౌస్ కారు ఫారం దాటిందని నిఘా కానిస్టేబుల్ చెప్పాక కూడా కదలలేదు. పాలవాడి వేషంలో ఇంకో కానిస్టేబుల్ లోపలికి వెళ్లి వెతికితే, ట్రాన్స్‌మిటర్ పేడకుప్పలో దొరికింది.

దాని సంగతి ఆ ఫారంలో ఒక్క షైలజకే తెలుసు.

అంతలో ఎర్ర కారు బస్టాండు ముందుకొచ్చి ఆగింది. షైలజ దిగి గబగబా అతని వైపు వచ్చింది. కళ్లద్దాలు తీసేసింది.

“ముందు నా మాట విను—”

“దొంగ!” అని అరిచాడు మునిశేఖర్. “దొంగముండ! పట్టుకోండి దీన్ని!”

కానిస్టేబుళ్లు ఆమె రెక్కలు పట్టుకున్నారు. బస్సుల్లోంచి తలలు బయటికొచ్చాయి. ఫోన్లు పైకి లేచాయి. ఉడకబెట్టిన శెనక్కాయలు అమ్మే రాజమ్మ గంప వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

“నా బిడ్డప్పా! నా బిడ్డను యాల పట్టుకున్యారు?”

షైలజ ఒక్క మాట చెప్పి ఉంటే చాలు. చెప్పలేదు. తల్లి ముఖంలోకి ఒకసారి చూసి, తల దించుకుని జీపెక్కింది.

కోతినీ పిల్లల్నీ భద్రం చెయ్యడానికి మునిశేఖర్ మదనపల్లె వెళ్లాడు. మిషన్ ఆసుపత్రి వెనక వీధిలో డాక్టర్ సుహాసిని ఉంటుంది. జంతుప్రదర్శనశాలల్లో పనిచేసి రిటైరైన పశువుల డాక్టరు. ఆమె కోతిని చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, కళ్లజోడు సర్దుకుంది.

“తల్లి యాడుండాది?”

“అదే తల్లి మేడమ్.”

“ఇది తండ్రప్పా.”

మునిశేఖర్‌కు అర్థం కాలేదు.

“వీటి జాతిలో అంతే. కాన్పుకు మామూలుగా కవలలు. పిల్లల్ని మోసేది ఎక్కువగా తండ్రి. ఇంట్లో పెద్ద పిల్లలుంటే వాళ్లూ మోస్తారు. తల్లి పాలిచ్చేదానికి మాత్రం తీసుకుంటాది, తాగినాక మళ్లా వీపుకెక్కిచ్చుకునేది వీడే. కోతుల్లో ఇట్లా చేసేవి శానా తక్కువ.” ఆమె పిల్లల పెదవులకు వేలు ఆనించి చూసింది. “పొద్దుననుంచి పాలు లేవు. ఈ చిన్నది చల్లబడతాండాది. నువ్వు చూసి తీసుకోలేదా?”

“వీపు మీద పిల్లలుంటే తల్లి అనుకున్యాను.”

“నీకు పిల్లలుండారా?”

“ఒక పాప. నాలుగు నెలలు.”

“ఎత్తుకుంటాండావా?”

 మిషన్ల మీద మిషన్లు. ఇంటికి వెళ్లినప్పుడు భార్య నందిని పాపను చేతికిస్తే, మెడ నిలబడనీ అంటూ మునిశేఖర్ వెనక్కి జరిగేవాడు. మోసేది ఆడమనిషే అన్న సంగతి అతనికి ఎవరూ నేర్పలేదు. అడగకుండానే నమ్మాడు.

సుహాసిని సిరంజితో రెండు పాలచుక్కలు వేసింది. అవి పెదవుల మీదినుంచి జారిపోయాయి. “తల్లి దగ్గరికి చేర్చు. ఇంకో మందు లేదు. వీడి మీదినుంచి మాత్రం పిల్లల్ని పీకొద్దు.”

తండ్రికోతిని చొక్కా లోపల పెట్టుకుని మునిశేఖర్ పుంగనూరు స్టేషనుకు పరుగెత్తాడు. వాడి గోళ్లు అతని ఛాతీలో గుచ్చుకుంటున్నాయి. లాకప్ తలుపు తీసేసరికి షైలజ గోడకానుకుని కూర్చుని ఉంది. సెంటు వాసన ఎప్పుడో పోయింది.

“ట్రాన్స్‌మిటర్ యాల తీసేసినావు?” అని అడిగాడు. ఈసారి అరవలేదు.

“క్లౌస్ నిన్ననే ఒక డిటెక్టర్ తెప్పిచ్చినాడు. బయలుదేరేముందు పంజరాలన్నిటికీ పెట్టినాడు. అది మోగింటే నువ్వు ఊరు దాటేవాడివి కాదు. అది చెప్పేదానికే బస్టాండుకొస్తి.”

“మరి ఆడ, అందరి ముందర... నేను ఏజెంటునని ఒక్క మాట చెప్పుండొచ్చు కదా.”

“ఆ గుంపులో వాడి మనిషి ఉండాడో లేడో నీకు తెలుసునా?”

అతనికి తెలియదు. ఆ ప్రశ్న తనకు తట్టనే లేదు.

“తప్పయిపోయిందమ్మా.”

“అది తర్వాత. బిడ్డలెట్లుండాయి?”

అతను చొక్కా గుండీ విప్పి చూపించాడు. ఆమె లేచింది.

“నన్ను పట్టుకున్న వీడియో వాడికి ఈపాటికి చేరుంటాది. కారు వదిలేస్తాడు. కుప్పంలో బెంగళూరు రైలెక్కుతాడు. పద.”

జీపు పలమనేరు దాటింది. చొక్కా లోపలినుంచి సన్నటి ఈల ఒకటి లేచింది. పొడుగ్గా సాగి ఆగింది. కాసేపటికి మళ్లీ లేచి, మళ్లీ ఆగింది.

“నొప్పా?” అన్నాడు మునిశేఖర్.

“పెళ్లాన్ని పిలుస్తాండాడు. ఒకసారి పిలుస్తాడు, ఆగుతాడు. జవాబొచ్చినాకే మళ్లా పలుకుతాడు. ఒకరి మాట మీద ఇంకొకరు పడరు. రెండేండ్లు వీటితో ఉంటిని కదా, సూసినా.”

ముందు నా మాట విను, అని ఆమె అన్నది మధ్యాహ్నం. మునిశేఖర్ కిటికీ వైపు తిరిగాడు.

కుప్పం పొలిమేరలో షైలజ అతని చొక్కాలో చెయ్యి పెట్టి తడిమింది. చెయ్యి అక్కడే కాసేపు ఉంచింది.

“చిన్నది పోయినాది,” అంది.

తండ్రికి ఆ సంగతి తెలుసో లేదో. రెండింటినీ వీపు మీద అలాగే పెట్టుకుని ఉన్నాడు. మునిశేఖర్ ఏదో అనబోయాడు. ఏమన్నా అది తన గురించే అవుతుందనిపించి ఊరుకున్నాడు.

స్టేషన్‌కు చేరేసరికి బెంగళూరు రైలు ప్లాట్‌ఫాం మీదికి వస్తోంది. ఎక్కబోయేవాళ్లలో ఒకడు: కాషాయం కుర్తా, రుద్రాక్షమాల, నున్నగా గీసిన గడ్డం.

“అదిగో క్లౌస్,” అంది షైలజ.

రైల్వే పోలీసులు అతన్ని చుట్టుముట్టారు. సూట్‌కేసు తెరిచారు, బట్టలు. సంచి తెరిచారు, భజన పుస్తకాలు. క్లౌస్ చేతులు జోడించి అందరికీ నమస్కారం పెట్టాడు. మోచేతికి పెద్ద స్టీలు టిఫిన్ క్యారియర్ వేలాడుతోంది. పై గిన్నె మూత అతనే తీసి చూపించాడు. పులిహోర.

“ప్రసాదం,” అన్నాడు స్పష్టంగా.

ఇన్‌స్పెక్టర్ మునిశేఖర్ చెవిలో గొణిగాడు. “ఏం లేదు సర్. ఫారిన్ మనిషి. ఊరికే ఆపితే గొడవయితాది.”

సిగ్నల్ పడింది. క్లౌస్ మెట్టు మీద కాలు పెట్టాడు. షైలజను చూసి కన్ను గీటాడు.

మునిశేఖర్ అతని మీదికి ఉరకబోయాడు. షైలజ చెయ్యి పట్టి ఆపింది.

“అరవద్దు. చొక్కా విప్పు. పలకనీ.”

అతను గుండీలు విప్పాడు. తెల్లకుచ్చుల తల బయటికొచ్చింది. రైలు కూత ముగిసిన మరుక్షణం తండ్రికోతి ఈల వేసింది. ఆగింది.

ప్లాట్‌ఫాం మీద ఎవరూ మాట్లాడలేదు. రైలు కదిలింది.

టిఫిన్ క్యారియర్ ఈల వేసింది.

మునిశేఖర్ కదిలే రైలులోంచి క్లౌస్‌ను నడుము పట్టి కిందికి లాగాడు. పులిహోర గిన్నె ఎగిరిపడింది. కింది మూడు గిన్నెలకూ అడుగులు కోసేసి ఒకే గొట్టంలా అతికించారు. దూది పరుపు మీద తల్లికోతి నోరు తెరుచుకుని వగరుస్తోంది.

క్లౌస్‌ను జీపెక్కించాక, వెయిటింగ్ రూంలో ఒక గంప కింద రెండు కోతుల్నీ కలిపారు. తల్లి బతికిన బిడ్డను లాక్కుని రొమ్ముకు ఆనించుకుంది. ఆ చిన్న నోరు కదిలింది. రెండోదాన్ని వాసన చూసి వదిలేసింది. కడుపు నిండాక బిడ్డ పాకుకుంటూ మళ్లీ తండ్రి వీపెక్కింది, చనిపోయిన తోబుట్టువు పక్కకే. తండ్రి ఇద్దరినీ మోస్తూ గంప అంచుకు జరిగాడు.

సొలొమోను ఫోన్ చేశాడు. “కంగ్రాట్స్ శేఖర్. మిషన్ సక్సెస్.”

“ఒక పిల్ల చచ్చిపోయింది సర్. నావల్ల. షైలజ కవర్ పోయింది. అదీ నావల్లే.”

 “ఆమెకు చెప్పినావా?”

“చెప్పాను. లాకప్‌లో, ఎవరూ లేనప్పుడు.”

మర్నాడు పొద్దున పుంగనూరు బస్టాండులో రాజమ్మ శెనక్కాయల గంప ముందు కూర్చుని ఉంది. కొనేవాళ్లు ఆమెను దాటి అవతలి గంపకు పోతున్నారు. షైలజ తల్లి పక్కన నిలబడింది. మునిశేఖర్ వచ్చి చేతులు కట్టుకున్నాడు.

“నా బిడ్డను దొంగముండ అనింది నువ్వేనా?”

“నేనేనమ్మా. తప్పు చేసినా. ఆమె దొంగ కాదు.”

“నాకు తెలుసు గాని, నిన్న నువ్వు నా చెవిలో అన్లేదే. బస్టాండంతా ఇనపడేట్టు అంటివి. ఇప్పుడు యాల గొణుగుతాండావు?”

సెక్షన్ నైన్‌లో మొదటి రూలు: నీ ముఖం, నీ పేరు ఎవరికీ తెలియకూడదు. మునిశేఖర్ షైలజ వైపు చూశాడు. ఆమె బస్సుల వైపు చూస్తోంది. అతను సిమెంటు బెంచీ ఎక్కాడు.

“అయ్యా! నా పేరు మునిశేఖర్! నేను సర్కారు గూఢచారిని! నిన్న ఈడ ఈ అమ్మాయిని దొంగ అనింది నేనే. ఆమె దొంగ కాదు, దొంగను పట్టిచ్చిన మనిషి. ఆమె మాట వినకుండా పోయింది నేను. తప్పు నాది, సిగ్గు నాది!”

చెమటతో చొక్కా తడిసిపోయింది. ఛాతీ మీది గోళ్ల గీతలు మండాయి.  వెనకనుంచి ఒక కండక్టర్ ఫోన్ పైకెత్తాడు.

“అన్నా, ఇంకోసారి చెప్పన్నా. వీడియో ఆన్ కాలేదు.”

మునిశేఖర్ గొంతు సవరించుకుని మొదటినుంచి మళ్లీ చెప్పాడు. ఆ సాయంత్రానికి సెక్షన్ నైన్ రహస్య ఏజెంటు ముఖం లేని ఫోను పుంగనూరులో ఒక్కటీ లేదు.