లాస్య అడిగిన ప్రశ్న

ఆ ఉదయం జగ్గయ్యపేటలో శేషాద్రి ఇంట్లో ఉప్మా వాసన వస్తోంది. ఎనిమిదింటి బస్సుకి నందిగామ కాలేజీకి వెళ్లాలని ఆయన హడావిడిగా తింటున్నాడు. ఆయన సోషియాలజీ ప్రొఫెసర్. సెల్‌ఫోను వచ్చాక మనుషుల మధ్య సంబంధాలు ఎలా మారుతున్నాయో రెండేళ్లుగా పరిశోధిస్తున్నాడు. పెనుగంచిప్రోలు, చిల్లకల్లు ఊళ్లలో మూడొందల ఇళ్లు తిరిగి ప్రశ్నలడిగాడు. సెల్‌ఫోను ఇంట్లో మాటను మింగేస్తోందని తన పరిశోధన పేపర్లో రాసేశాడు కూడా.

బల్లమీద కూతురి ఫోను వణికింది. అవసరానికి ఉంటుందని మూడు నెలల క్రితం ఆయనే కొనిచ్చాడు. లాస్యకి ఇరవై రెండేళ్లు. నాలుగో ఏట వచ్చిన జ్వరంతో వినికిడి పోయింది, మాట కూడా సరిగా రాలేదు. పెదవుల కదలిక చూసి అర్థం చేసుకుంటుంది, చెప్పాల్సింది కాగితం మీద రాస్తుంది.

శేషాద్రి ఫోను తీసి చూశాడు. 'సోమవారం పదింటికి రండి. ఇంట్లో చెప్పారా? – ప్రేమానందం.' వెనక్కి వెళ్తే అదే నంబరు నుంచి నలభై మెసేజీలున్నాయి. ఉప్మా ప్లేటు పక్కకి నెట్టేశాడు.

"ఎవరమ్మా ఈ ప్రేమానందం?"

లాస్య తండ్రి పెదవుల వంక చూసి తల దించుకుంది.

"అడుగుతుంటే చెప్పవేం? నేను ఊరందరికీ నీతులు చెప్పి వస్తుంటే, నా ఇంట్లోనే ఇదా?" ఫోను జేబులో వేసుకున్నాడు. "ఇక నీకు ఫోను లేదు."

"ముందు దాన్ని చెప్పనివ్వండి," అంది భార్య ప్రసూనాంబ, గరిటె పక్కన పెట్టి.

లాస్య కాగితం తెచ్చుకుని, కళ్లు తుడుచుకుంటూ రాసి తండ్రి ముందుకు తోసింది.

'ఆయన నందిగామలో వినపడని పిల్లల బడి నడుపుతున్నారు. టీచర్ కావాలని న్యూస్‌పేపర్లో చూసి నేనే మెసేజీ పెట్టా. అప్పట్నుంచి బడి సంగతులన్నీ మెసేజీల్లోనే మాట్లాడుకున్నాం. సోమవారం ఇంటర్వ్యూ. చెబితే మీరు వద్దంటారని భయపడ్డా. ఇంకొకరి నోరు అరువడక్కుండా నేను మాట్లాడింది ఇదే మొదటిసారి నాన్నా. మూడొందల ఇళ్లలో అడిగారు. నన్నెందుకు అడగలేదు?'

శేషాద్రి ఆ చివరి వాక్యం దగ్గరే ఆగిపోయాడు. బస్సు వేళ దాటిపోయింది.

"పద్దెనిమిదేళ్లుగా దాని బదులు మనమే మాట్లాడాం," అంది ప్రసూనాంబ మెల్లగా. "మనం చెప్పిందే దాని మనసులో మాట అనుకున్నాం."

ఆయన జేబులోంచి ఫోను తీసి కూతురి చేతిలో పెట్టాడు. ఆమె చూసేలా నిదానంగా అన్నాడు. "తప్పు నాదేనమ్మా. సోమవారం నేనూ వస్తా."

లాస్య తల అడ్డంగా ఊపి, తన గుండె మీద వేలు పెట్టుకుంది. ఒక్కతే వెళ్తానంది.

"సరే," అన్నాడాయన.

సోమవారం శేషాద్రి క్లాసులో ఉన్నాడే గానీ మనసు అక్కడ లేదు. పన్నెండింటికి జేబులో ఫోను వణికింది.

'ఉద్యోగం వచ్చింది నాన్నా. రేపే చేరమన్నారు.'

పాఠం చెబుతున్న మనిషి మధ్యలో ఆగిపోయేసరికి పిల్లలు కంగారుపడ్డారు. ఆయన మెసేజీ పైకి చదివి వినిపించాడు. క్లాసంతా చప్పట్లు కొట్టింది. ఫోన్ల మీద రెండేళ్లు పరిశోధన చేసిన ప్రొఫెసర్ అంతవరకూ ఒక్క మెసేజీ కూడా పెట్టలేదు. ముందు బెంచీలో కూర్చున్న సింధూర అనే విద్యార్థినిని ఎలా పంపాలో అడిగి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ నొక్కాడు.

'మా కాలేజీకి రా అమ్మా. నా పేపరు తప్పుగా రాశా. నువ్వొచ్చి దిద్దాలి.'

అరగంటకి లాస్య గుమ్మంలో నిలబడింది. శేషాద్రి సుద్దముక్క ఆమె చేతికిచ్చి, వెనక బెంచీలో పిల్లల మధ్య సర్దుకుని కూర్చున్నాడు. ఆమె ఒకసారి అందరినీ చూసి, బోర్డు వైపు తిరిగి, పెద్ద అక్షరాలతో తన పేరు రాసింది. దాని కింద 'టీచర్' అని రాసింది.