పేరు లేని లైన్లు

"తాండూరు కంది ఉందా?"

"ఎర్రదే మిగిలింది."

కోడ్ సరిపోయింది. వికారాబాద్ స్టేషన్ బయట ఆగిన కారు తలుపు తెరుచుకుంది. ఏజెంట్ రెబెక్క ఎక్కగానే చీఫ్ అరుణాదేవి నేరుగా విషయంలోకి వచ్చింది.

"అడవిలో కట్టిన నేవీ సిగ్నల్ స్టేషన్ ఇవాళ ఆన్ అవుతుంది. దాని మాస్టర్ కీ, అంటే రహస్య కోడ్, బయటికి పొక్కితే సముద్రంలో మన నౌకలన్నీ శత్రువు గుప్పిట్లో ఉన్నట్టే. తాండూరు గెస్ట్‌హౌస్‌లో చివరి మీటింగ్. విదేశీ ముఠా మనిషి ఆ గదిలోనే ఉంటాడు. ఎవరో తెలియదు."

"నా కవర్?"

"ఢిల్లీ ఆడిటర్‌వి. లోపల మన ఏజెంట్ మనీష్ ఉన్నాడు. మీటింగ్ నెట్‌వర్క్ నడిపేది అతనే."

సిగ్నల్ స్టేషన్ డైరెక్టర్ కుమారస్వామి ముందు కింది ఇంజనీర్లు నోరు మెదపరు. అందుకే ఆ నెట్‌వర్క్ పెట్టారు. ఒక్కొక్కరికి అడ్డుపలకల మధ్య ఒక కంప్యూటర్. ఎవరేం టైప్ చేసినా పేరు లేకుండా పెద్ద తెరమీద పడుతుంది. సందేహాలన్నీ తీరాక డైరెక్టర్ అందులోనే, తెరమీద కనిపించకుండా, కీ కొడతాడు.

గెస్ట్‌హౌస్‌లో ఎదురొచ్చిన మనీష్ అందగాడు. మాట తేనె. రెబెక్క తన కంప్యూటర్ ముందు కూర్చోగానే చాయ్ కప్పు తానే తెచ్చి పెట్టాడు.

"జర తాగక్కా. పరేషాన్ గాకు, నేనున్న గద."

సగం తాగేసరికి ఆమె నాలుక మొద్దుబారింది. కాళ్లు కదల్లేదు. మనీష్ చెవి దగ్గరికి వంగాడు.

"ఫికర్ చెయ్యకు. సాయంత్రం దాకా నోరు రాదు. అప్పటికి కీ సరిహద్దు దాటుతది."

వాచీలోని ప్యానిక్ బటన్‌కు చెయ్యి అందలేదు. కీబోర్డు మీదున్న కుడిచేతి చూపుడు వేలు మాత్రం కాస్త కదిలింది. చెమటలు కక్కుతూ ఒక్కో అక్షరం నొక్కింది. తెరమీద లైన్ పడింది: "కీ కొట్టకండి. నెట్‌వర్క్ శత్రువు చేతిలో ఉంది."

రెప్పపాటులో మాయమైంది. తుడిచేది మనీషే.

మళ్లీ కొట్టింది. మళ్లీ తుడిచాడు. అడ్డుపలకల వెనక ఆమె ఎవరికీ కనిపించదు. అరవబోతే గొంతులో గాలి తప్ప ఏమీ లేదు. వేలు కూడా చచ్చుబడింది. ఇక చూస్తూ కూర్చోవడమే. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"సందేహాలేమీ లేవుగా? కానిద్దాం." డైరెక్టర్ కీ కొట్టడం మొదలుపెట్టాడు.

అప్పుడే తెరమీద ఎవరిదో లైన్: "గా లైన్ ఎవరు తీసేసిన్రు?"

మాయమైంది. వెంటనే ఇంకోటి: "నేను గూడ చూసిన. కీ కొట్టద్దని ఉండె."

"రెండుసార్లు వచ్చింది సార్!"

"ఎవరో తుడుస్తున్నరు. ఆగుండ్రి సార్!"

మనీష్ వేళ్లు పరుగెత్తాయి. కాని ఒకటి తుడిస్తే నాలుగు మొలుస్తున్నాయి. చివరి అక్షరం మీద డైరెక్టర్ వేలు ఆగింది.

"కేబుల్ పీకెయ్యండి!"

మనీష్ తలుపు దాకా పరుగెత్తాడు. అక్కడ గార్డులు పట్టుకున్నారు.

సాయంత్రం వికారాబాద్ ఆస్పత్రిలో రెబెక్కకు మాట తిరిగొచ్చింది. మంచం పక్కనే చీఫ్ కూర్చుని ఉంది.

"నీ లైన్ ఎవరు తీసేశారని మొదట అడిగింది తానేనని భవ్యశ్రీ చెప్పిందట. కొత్త ఇంజనీర్. ఇంతవరకు ఏ మీటింగ్‌లోనూ నోరు తెరవలేదట. మన ఆఫీసులోనూ ఈ నెట్‌వర్క్ పెట్టిద్దామా?"

"పెట్టండి మేడమ్. మీ మీద ఎవరేం రాశారో కనుక్కొమ్మని మాత్రం నన్ను పంపకండి."