గుడ్లమ్మ బండికి వెనక లైట్లు

ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది అత్తగారే. ఐదు కాకముందే ముఖం కడుక్కుని, నిలబడే కాఫీ తాగేసి, పికప్ బండి తాళాలు తీసుకుని వాకిట్లోకి నడిచేది. కోళ్ల ఫారానికి వెళ్లి ట్రేలు ఎక్కించుకుని, ఎనిమిదింటికల్లా బేకరీలకీ హోటళ్లకీ గుడ్లు అందించాలి. భర్త చనిపోయిన ఏడాది ఆయన స్టీరింగు ఆమె పట్టుకుంది. ఇప్పటికి పంతొమ్మిదేళ్లు. బేకరీల వాళ్లంతా ఆమెని గుడ్లమ్మ అనే పిలుస్తారు. చిన్నప్పుడు కొడుకు ఆ పేరు విని సిగ్గుపడితే ఆమె నవ్వేసేది. "మా అమ్మ పెట్టిన పేరు ఎవరికీ గుర్తులేదురా. ఈ పేరు చెప్తే మాత్రం ఏ తలుపైనా తెరుచుకుంటుంది" అనేది.

ఆ రోజు కూడా అన్ని రోజుల్లాగే మొదలైంది. బండి వెనక ఖాళీ ట్రేలు మనిషెత్తున పేర్చి తాళ్లతో కట్టి ఉన్నాయి. అత్తగారు బండి స్టార్టు చేసి రివర్సు వేసింది. అదే సమయానికి కోడలు చెత్త డబ్బా గేటు బయట పెడదామని వచ్చింది. డబ్బా మూత జారి దొర్లిపోయింది. దాన్ని అందుకోవడానికి కింద కూర్చుంది.

ఇంజను చప్పుడు దగ్గరవుతోందని తెలిసేలోపే బంపరు భుజానికి తగిలింది. కోడలు పక్కకి పడి కేక పెట్టింది. బండి ఠక్కున ఆగింది.

పెద్ద దెబ్బేమీ కాదు. మోచెయ్యి గీరుకుపోయింది, మణికట్టు వాచింది. కానీ కేక విని పరుగెత్తుకొచ్చిన కొడుకు కళ్లకి కనబడింది చక్రం పక్కన పడి ఉన్న భార్య. అతని గొంతు వీధంతా వినబడింది.

"అమ్మా! గుడ్లు మొయ్యడం వచ్చు సరే, నీ గుడ్లకేమైంది? ఇంత మనిషి కనబడలేదా?"

"కనబడలేదురా" అంది ఆమె. అంతే. కోడలి చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఎముక విరగలేదని తేలాక బండికున్న తాళాలు తీసి కొడుకు చేతిలో పెట్టింది. అతను వాటిని గోడ మేకుకి తగిలిస్తూ "ఇంక చాలమ్మా, నువ్వు నడిపింది" అన్నాడు.

మర్నాడు కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. డాక్టరు అన్నీ పరీక్షించి, "కళ్లజోడు సరిగ్గానే ఉంది, ఈ వయసుకి చూపు బ్రహ్మాండం" అన్నాడు. కొడుకు నమ్మలేదు. "డాక్టర్లు పెద్దవాళ్లని బాధపెట్టకూడదని అలాగే చెప్తారు" అని తేల్చేశాడు. ఫారం యజమాని ఫోను చేసి, వారం రోజులు వేరే బండితో సర్దుతాననీ, ఆ తరువాత ఆ సరఫరా పని ఇంకొకరికి ఇచ్చెయ్యాల్సి వస్తుందనీ చెప్పాడు. ఆ వారంలో ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. అత్తగారు ఐదింటికే లేచేది. కాఫీ తాగేది. తరువాత ఏం చెయ్యాలో తెలియక, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగేది.

ఆ గిన్నెల చప్పుడే కోడలికి నిద్ర లేకుండా చేసింది. ఆమెది మోటారు వైండింగు పని. ఫ్యాన్లు, మిక్సీలు, నీళ్ల మోటార్లు బాగుచేసే షాపులో ఆరేళ్లుగా చేస్తోంది. ఏ వస్తువైనా పాడైందంటే, కారణం తేలేదాకా ఊరుకోవడం ఆమెకి చేతకాదు.

మూడో రోజు తెల్లవారుజామున తాళాలు తీసుకుని వాకిట్లోకి వెళ్లింది. చెత్త డబ్బాని తను పడిన చోటే పెట్టింది. బండెక్కి డ్రైవరు సీట్లో కూర్చుని, తాళం తిప్పి, ఇంజను స్టార్టు చెయ్యకుండానే రివర్సు గేరు వేసింది. పక్క అద్దంలోకి చూసింది. ట్రేల వెనక అంతా నలుపు. రివర్సు బల్బు ఒకటి వెలుగుతోంది గానీ, బీడీ నిప్పుకి దానికంటే వెలుతురెక్కువ.

"ఏం చేస్తున్నావమ్మాయ్?" అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది.

"చెత్త డబ్బా కనిపిస్తుందేమోనని చూస్తున్నా అత్తయ్యా."

"కనిపించిందా?"

"లేదు. నాకు ముప్పై ఏళ్లు కూడా లేవు, నాకే కనిపించలేదు. మీరు ఇన్నేళ్లూ ఎలా వెనక్కి తీశారు?"

ఆ ప్రశ్న అత్తగారిని ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

"చెవులతో" అంది. "గేటు స్తంభాల మధ్యకొస్తే ఇంజను చప్పుడు మారుతుంది. అక్కణ్ణించి మూడు లెక్కపెట్టి స్టీరింగు తిప్పుతా. వీధిలో ఎవరైనా నడిచొస్తుంటే చెప్పుల చప్పుడు తెలుస్తుంది. కింద కూర్చున్న మనిషికి చప్పుడేదీ?"

కోడలు సీట్లోంచి కదల్లేదు. తను మోటారు చప్పుడు విని బేరింగు పోయిందో కాయిలు కాలిందో చెప్పగలదు. షాపులో అందరూ అబ్బో అంటారు. ఈవిడ పంతొమ్మిదేళ్లుగా ఒక బండి మొత్తాన్ని చప్పుడు మీద వెనక్కి నడుపుతోంది, ఇంట్లో ఒక్కళ్లకీ తెలియదు.

ఆ సాయంత్రమే రెండు ఎల్ఈడీ లైట్లు కొనుక్కొచ్చింది. అరచెయ్యంత చదరంగా ఉన్నాయి. ఉత్సాహం కొద్దీ అప్పటికప్పుడు రివర్సు బల్బు వైరుకే వాటిని కలిపేసి, తాళం తిప్పి గేరు వేసింది. ఒక్క క్షణం వాకిలంతా తెల్లగా వెలిగింది. టప్‌మని ఫ్యూజు పోయింది. పాత బల్బూ ఆరిపోయింది.

ఆఫీసు నుంచి వచ్చిన భర్త గేటు దగ్గరే ఆగాడు. "ఉన్నదీ పోయింది, ఉంచుకున్నదీ పోయింది" అన్నాడు. "దానికెందుకు అలంకారాలు? దాన్ని ఎలాగూ అమ్మేస్తున్నాం."

"ఎవరు అమ్మేస్తున్నారు?"

అతను లోపలికి వెళ్లిపోయాడు.

మర్నాడు కోడలు వీధి చివర ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లింది. ముసలాయన స్టూలు మీద కూర్చుని ఆమె చెప్పిందంతా విన్నాడు.

"చిన్నపిల్లాడి నెత్తిన వడ్ల బస్తా పెట్టావు తల్లీ. ఆ సన్న వైరు ఒక్క బల్బు కోసం వేసింది. నీ లైట్లకి కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి లాక్కో. మధ్యలో రిలే స్విచ్చు పెట్టు. రివర్సు వైరు రిలేకి మాట చెప్పాలంతే, మోత మొయ్యకూడదు. బ్యాటరీ దగ్గరే ఇంకో ఫ్యూజు పెట్టు."

కోడలు నాలిక్కరుచుకుంది. పెద్ద మోటార్లకి తను రోజూ చేసేది ఇదే. బండి అనేసరికి తెలిసిన పనే కొత్తగా కనిపించింది.

ఆదివారం పొద్దున్న బండి కింద గోనెపట్టా పరుచుకుని పడుకుంది. బ్యాటరీ తీగ ముందే విప్పేసింది. ఎర్ర వైరుని నల్లటి తొడుగు గొట్టంలో దూర్చి, వెనక్కి లాగడం మొదలుపెట్టింది.

"అటు వద్దు."

తల తిప్పి చూస్తే బండి పక్కన అత్తగారి పాదాలు కనిపించాయి. ఐదు రోజుల్లో ఆమె బండి దగ్గరికి రావడం అదే మొదటిసారి.

"ఆ పక్కన సైలెన్సరుంది. ఫారానికి వెళ్లొచ్చేసరికి వైరు కరిగిపోతుంది. ఫ్రేము లోపలి వైపు నుంచి లాగు. బయటి వైపు చక్రం రాళ్లు విసురుతుంది."

"లైట్లు బంపరు కింద పెడదామనుకుంటున్నా అత్తయ్యా."

"ఫారం దారిలో మొదటి గుంటకే రాలిపోతాయి. బంపరు పైన, రెండు మూలల్లో పెట్టు. కొంచెం కిందికి వంచు, వెనకొచ్చేవాళ్ల కళ్లలో కొట్టకుండా." కిందికి వంగి చూసింది. "జరుగు. నీకు అక్కడ చెయ్యి అందదు, నాకు తెలుసు."

ఆమె కూడా పట్టా మీదికి పాక్కుంటూ వచ్చింది. ఎర్తు వైరు బిగించాల్సిన చోట రంగు గీకడానికి కోడలు గరుకు కాగితం ఇస్తే, ఇనుము వెండిలా మెరిసేదాకా రుద్దింది. ఈ బోల్టు తుప్పు పట్టి ఉంటుంది, ఆ రంధ్రం పనికిరాదు, ఇక్కడ వర్షం నీళ్లు చిమ్ముతాయి అంటూ చీకట్లో తన వంటిల్లు చూపించినట్టు బండి అడుగంతా చూపించింది. కోడలు రిలేని నీళ్లు పడని చోట బిగించి, నాలుగు వైర్లూ కలిపి, ప్రతి జానెడుకీ ఒక ప్లాస్టిక్ కట్టు వేసింది.

పని చివరికొచ్చేసరికి గేటు చప్పుడైంది. కొడుకు ఎవరో మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. బండి కిందినుంచి బయటికి చాచి ఉన్న నాలుగు కాళ్లనీ చూసి ఆ మనిషి తెల్లబోయాడు.

"బండి అమ్ముతున్నారా, రిపేరు చేస్తున్నారా?"

అత్తగారు నెమ్మదిగా బయటికొచ్చి, చీర దులుపుకుంది. కోడలు మాత్రం మసి చేతులతోనే ముందుకొచ్చింది.

"ఏమండీ, బండి ఎవరిది?"

"ఆవిడ మంచికే చెప్తున్నా. ఇంకోసారి జరిగితే?"

"దెబ్బ తగిలింది నాకు. కోపం రావాల్సింది నాకు. నేను కారణం వెతుకుతుంటే మీరు బేరం వెతుకుతున్నారా?"

"నువ్వు చక్రం పక్కన పడి ఉండటం చూసింది నేను!" "ఇంకో అడుగు వెనక్కి వచ్చి ఉంటే ఏమయ్యేదో, రోజూ అదే కళ్లముందు. అమ్మనీ అనలేను, నిన్నూ అనలేను."

ఆ మాటకి కోడలి గొంతు తగ్గింది. "సరే. చీకటి పడేదాకా ఆగండి. మీరొక్కసారి ఆ సీట్లో కూర్చోండి. తరువాత మీ ఇష్టం."

వచ్చిన మనిషి "ఇంటి సంగతి ఇంట్లో తేల్చుకోండి సార్, నాకు తొందరేం లేదు" అంటూ తప్పుకున్నాడు.

మసక చీకటి పడి, వీధి నల్లబడ్డాక, అతను బండెక్కాడు. కోడలు బ్యాటరీ తీగ తగిలించి, పోయిన ఫ్యూజు మార్చి పాత బల్బు వెలిగేలా చేసింది గానీ, కొత్త లైట్ల ఫ్యూజు ఇంకా బిగించలేదు. గేటు దగ్గరికెళ్లి కింద కూర్చుంది.

"రివర్సు వెయ్యండి. నా చేతిలో ఏముందో చెప్పండి."

అతను అద్దంలోకి చూశాడు. మెడ తిప్పి చూశాడు. కిటికీలోంచి తల బయటపెట్టి చూశాడు.

"నువ్వెక్కడున్నావ్?" అన్నాడు చివరికి.

"అత్తయ్యా, ఫ్యూజు పెట్టండి."

అత్తగారు ఫ్యూజు నొక్కింది. గేటు, స్తంభాలు, వీధి అవతలి గోడ, కింద కూర్చున్న భార్య, ఆమె చేతిలో ఎర్ర ప్లాస్టిక్ మగ్గు, అన్నీ ఒక్కసారి అద్దంలోకి వచ్చాయి. ఆమె మోచేతి మీది గీత కూడా కనిపించింది.

అతను బండి దిగలేదు. ఎంతకీ దిగకపోతే తల్లే తలుపు దగ్గరికి వెళ్లింది. అతను స్టీరింగు మీద తలపెట్టి ఏడుస్తున్నాడు.

"ఇంత చీకట్లోనా అమ్మా, ఇన్నేళ్లూ! ఈ బండి మీదే చదువుకున్నాను. ఒక్కసారైనా ఈ సీట్లో కూర్చోలేదు."

"నేనే కూర్చోనివ్వలేదురా. నేర్చుకుంటే నాతో వచ్చేస్తావేమోనని, పుస్తకం వదిలేస్తావేమోనని భయం."

"ఆ రోజు అన్న మాట వెనక్కి తీసుకుంటానమ్మా."

"వెనక్కి తియ్యడం అంత తేలికనుకున్నావా?" అంటూ ఆమె అతని తల నిమిరింది. ఆమె కళ్లూ తడిగానే ఉన్నాయి. "దానికి చాలా నేర్చుకోవాలి. జరుగు, చూపిస్తా."

మర్నాడు అత్తగారు బండెక్కే ముందు దాని చుట్టూ ఒకసారి తిరిగి, వంగి కిందా చూసింది. ఆ అలవాటు కొత్తది. బరువుతో వైర్లెలా ఉంటాయో చూడాలని కోడలు పక్క సీట్లో కూర్చుంది. ఫారంలో ట్రేలు ఎక్కించుకుని మొదటి బేకరీకి చేరేసరికి ఇంకా తెల్లవారలేదు. బేకరీ వెనక సందు ఎంత ఇరుకంటే, మనిషి చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయేమో అనిపించింది. పైగా చివర్లో వంపు.

"ఇందులోకా?" అంది కోడలు.

అత్తగారు నవ్వి రివర్సు వేసింది. సందంతా వెలుతురు నిండింది. ఎక్కడా ఆగలేదు, ముందుకొచ్చి సరిచేసుకోలేదు. బండి ఆ వంపుని నీళ్లలా చుట్టుకుని, మెట్టుకి జానెడు దూరంలో నిలబడింది. వెనక ఒక్క ట్రే కూడా కదిలిన చప్పుడు లేదు. ఈ పనితనాన్ని చూడకుండా మూడేళ్లుగా పక్కగదిలో నిద్రపోయానే అనుకుంది కోడలు.

పిండి చేతులతో బేకరీ యజమాని బయటికొచ్చాడు. "గుడ్లమ్మ వచ్చేసింది! వారం నుంచి పగిలిన గుడ్లే ఏరుకుంటున్నాం. ఈ వెలుగేంటమ్మా, పెళ్లివారి బండిలా! ఎక్కడ పెట్టించావ్?"

"పెట్టించలేదు. మా కోడలు పెట్టింది. వెలుగు చూసి ఊరుకోకయ్యా, కింద పని చూడు." ఆమె ఆయన్ని చెయ్యి పట్టి కిందికి వంచింది. తనూ వంగి వేలితో ఒక్కొక్కటీ చూపించింది. "ఇదిగో ఫ్యూజు దగ్గర్నించి వచ్చిన వైరు. సైలెన్సరు వైపు పోలేదు, చూశావా? ఇది రిలే. మోత ఇది మోస్తుంది. ఆ కట్లు చూడు, జడ అల్లినట్టు ఎంత పొందిగ్గా వేసిందో!"

కోడలు ట్రే దించే నెపంతో అటు తిరిగింది. ఆరేళ్లలో ఆమె చుట్టిన మోటార్లకి లెక్కలేదు. మూత బిగించాక లోపలి చుట్టు ఎవరికీ కనిపించదు. ఇంతవరకూ ఎవరూ ఆమె పనిని ఇలా వంగి, వేలు పెట్టి, ఇంకొకరికి చూపించలేదు. కళ్లు తుడుచుకుందామంటే రెండు చేతుల్లోనూ గుడ్లున్నాయి.

"అమ్మాయ్, జాగ్రత్త" అంటూ అత్తగారు వచ్చి, చీర కొంగుతో తనే ఆమె కళ్లు తుడిచింది.