గోడ అవతల ఊపిరి

పాలు పొంగకముందే ఆ ఇంట్లో కుట్టు మిషన్ మొదలైంది. భర్త పోయిన దగ్గర్నుంచీ రోజూ అంతే. దర్జీ ఆవిడ మొహం కడుక్కుని నేరుగా మిషన్ ముందు కూర్చుంటుంది. కాలు కదపడం మొదలుపెడితే ఇక ఆపదు. టీ పక్కన చల్లారిపోతుంది. బడులు తెరిచే రోజులు కావడంతో పిల్లల యూనిఫారం చొక్కాలు ఆమె చుట్టూ నడుమెత్తు కుప్ప పడి ఉన్నాయి.

పై వాటా ఆవిడ మెట్లు దిగుతూ గుమ్మంలో నిలబడింది.

"నీ మిషన్‌కి అలుపూ సొలుపూ లేవా తల్లీ? ఇదివరకు కాసేపు ఆడేది, కాసేపు ఆగేది. ఇప్పుడు ముసురు పట్టిన వానలా ఒకటే చప్పుడు."

దర్జీ ఆవిడ నవ్వింది. పని ఎక్కువగా ఉందంది. పని ఎప్పుడూ ఎక్కువే. కానీ మిషన్ ఆగితే పక్కగది నిశ్శబ్దం గోడ దాటి వచ్చి ఎదురుగా కూర్చుంటుంది. ఆ మాట ఎవరితో చెప్పుకుంటుంది?

ఆ పక్కగదిలోనే ఆయన మంచం ఉండేది. రాళ్ళు నునుపు చేసే మిల్లులో ఆయన జీవితమంతా పనిచేశాడు. ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. చివరికి మంచం మీద కూర్చుని, ముక్కుకి గొట్టం పెట్టుకుని, ఒక్కో ఊపిరినీ బావిలోంచి నీళ్ళు తోడినట్టు తోడుకునేవాడు. ఇప్పుడు ఆ మంచం మడిచి గోడకి ఆనించి ఉంది.

కూతురు చిట్టి గదిలోంచి సంచీ సర్దుకుంటూ వచ్చింది. ఆ పిల్ల సినిమాలకి చప్పుళ్ళు చేసే స్టూడియోలో పనిచేస్తుంది. నటులు నడిస్తే అడుగుల చప్పుడు, తలుపు తీస్తే కిర్రుమనే చప్పుడు, అన్నీ తర్వాత వీళ్ళే చేసి కలుపుతారట. ఆ పనికోసం ఇంట్లో వస్తువులు ఒక్కొక్కటే మాయమయ్యేవి. ఎముకలు విరిగే చప్పుడుకి క్యారెట్లు విరుస్తారని తెలిసిన రోజున తల్లి, కూరలో వేయాల్సినవాటిని శవాల్లో వేస్తున్నావటే అని తిట్టింది. ఆయన నవ్వలేక నవ్వలేక నవ్వి, చాలాసేపు దగ్గాడు.

చిట్టి పనిచేసిన పెద్ద సినిమా ఒకటి ఆ వారమే విడుదలైంది. అది ముందు వీడియో గేమ్. ఒకటి కాదు, వరసగా ఎన్నో భాగాలు వచ్చాయి. ఎక్కడో వేరే గ్రహం మీద గని ఉంటుంది. అక్కడి దుమ్ము పీల్చిన కార్మికుడు ఒకడు మనిషి కాకుండా పోయి, సొరంగాల్లో తిరుగుతూ ఉంటాడు. చిట్టి, తండ్రి మంచం అంచున కూర్చుని ఆ ఆట ఆడేది. ఆయన చూసేవాడు. ఆ తలుపు తీయకు, ఈ దారిన పోకు అని చెప్పేవాడు. ఆ జీవికి ముసలోడు అని పేరు కూడా పెట్టుకున్నారు. తండ్రికీ కూతురికీ ఒకటే వయసు వచ్చిందని తల్లి విసుక్కునేది.

"సినిమా ఎలా ఉందే?" అంది తల్లి, సూదిలో దారం ఎక్కిస్తూ.

"బాగుందంటున్నారు. నువ్వు మాత్రం చూడకమ్మా. చీకటి, రక్తం. నీకు పడదు."

ఆ మాట చెప్పులు వేసుకుంటూ, తలెత్తకుండా అంది. తల్లి అది గమనించింది. గమనించి మళ్ళీ కాలు కదిపింది.

మధ్యాహ్నం చెల్లెలు ఊడిపడింది. చేతిలో రెండు టికెట్లు.

"లేవక్కా. కన్నకూతురి పేరు తెర మీద పడుతుంటే ఇంట్లో కాలర్లు తిప్పుకుంటూ కూర్చుంటావా? బావ ఉంటే మోయించుకునైనా వచ్చేవాడు."

వద్దంది పిల్ల, అని ఆమె సణిగింది. పిల్లలు వద్దన్నవన్నీ మానేస్తే మనం ఊపిరి కూడా పీల్చకూడదు అంది చెల్లెలు. మాట నోట్లోంచి వచ్చాక నాలుక కరుచుకుంది. అక్క భుజం మీది కొలత టేపు తీసి మిషన్ మీద పెట్టి, మంచి చీర కట్టుకుని వచ్చింది.

హాలు సగం నిండింది. అంతా కుర్రకారు. ఆటలోని టోపీలే పెట్టుకుని వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. దీపాలు ఆరగానే చెల్లెలు కొంగు మొహం మీదికి లాక్కుని, భయమైనవి అయిపోయాక చెప్పక్కా అంది. ఆమెకి మాత్రం భయం వేయలేదు. తెర మీద ఎవరు నడిచినా, ఇది మా చిట్టి అడుగేనా అని వింది. ఎవరిదో మెడ విరిగితే, ఇది క్యారెట్టే అనుకుని చీకట్లో నవ్వుకుంది కూడా.

కథ సగంలో, ఒక అమ్మాయి సొరంగం గోడకి వీపు ఆనించి నిలబడింది. చేతిలో దీపం ఆరిపోయింది. గోడ అవతల ముసలోడు వస్తున్నాడు. తెరంతా నలుపు. చప్పుడు మాత్రమే ఉంది.

తోడినట్టు ఒక ఊపిరి. లోపల ఎక్కడో గులకరాళ్ళు దొర్లినట్టు గరగర. చివర చిన్న ఈల. తర్వాత ఏమీ లేదు. మళ్ళీ తోడినట్టు ఇంకో ఊపిరి.

ఆ ఈలని లక్షమంది ఊపిరుల్లో కలిపినా ఆమె గుర్తుపడుతుంది. దాని పక్కనే పడుకుంది. అది ఆగుతుందేమోనని కునుకు తీయకుండా మేలుకుంది. ముందు వరసలో ఒక అమ్మాయి కెవ్వుమంది. ఎవరో పగలబడి నవ్వారు. ఇంకెవడో స్నేహితుడి చెవి దగ్గర ఆ ఊపిరిని వెక్కిరిస్తూ అనుకరించాడు.

దర్జీ ఆవిడ లేచి నిలబడింది. అమ్మా కూర్చోండి, కనబడటం లేదని వెనకనుంచి ఎవరో అన్నారు. ఆమె కాళ్ళతో దారి తడుముకుంటూ బయటికి నడిచింది. కూతురి పేరు పడేదాకా ఉండలేదు.

చిట్టి ఇంటికి వచ్చేసరికి తల్లి మిషన్ ముందు లేదు. గుమ్మానికి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. చెల్లెలు మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని, ఎటు జరగాలో తెలియక నిలబడింది.

"మీ నాన్న ఊపిరాడక గిలగిల్లాడుతుంటే, నువ్వు నోటి దగ్గర మైకు పెట్టావు" అంది తల్లి. గొంతు పెంచలేదు. "నేను దేవుడా దేవుడా అని వింటుంటే, నువ్వు పనికొస్తుందని విన్నావు."

చిట్టి సంచీ దించలేదు. చూశావా అమ్మా, అని మాత్రం అంది.

తల్లి ఆపలేదు. ఆయన నలుగురికీ వంగి దండం పెట్టి బతికిన మనిషి. అలాంటివాడిని బూచిని చేశావంది. ఊరంతా ఆయన రోగాన్ని చూసి నవ్వుకుంటూ బఠానీలు నములుతోందంది. క్యారెట్లతో మొదలెట్టి కన్నతండ్రిదాకా వచ్చావంది. చెల్లెలు ఊరుకో అక్కా అంటే, నువ్వు ఊరుకో అంది.

"నాన్నే పెట్టమన్నారమ్మా."

"చచ్చినవాళ్ళ మీద నెపం వేయడం తేలిక. లేచి వచ్చి కాదనరుగా."

చిట్టి మొహం తెల్లగా అయిపోయింది. తండ్రి పోయిన రోజు కూడా ఆ పిల్ల మొహం అలా లేదు. గదిలోకి వెళ్ళి బట్టలు మడిచి పెట్టెలో పెట్టుకుంది. స్టూడియో దగ్గర ఇద్దరు స్నేహితురాళ్ళు గది తీసుకుని ఉంటున్నారు. పొద్దున అక్కడికి వెళ్ళిపోతానని పిన్నితో చెప్పింది. తల్లికి వినబడేలాగే చెప్పింది. తల్లి విని, మిషన్ ముందుకు జరిగి, కుట్టడం మొదలుపెట్టింది.

తెల్లారాక చిట్టి పెట్టె గుమ్మం దగ్గర పెట్టి వచ్చింది. చేతిలో చెవులకి పెట్టుకునే పెద్ద హెడ్‌ఫోన్లు ఉన్నాయి.

"ఇది ఒక్కటి వినమ్మా. సినిమాలోది కాదు. ఆ రోజు మంచం దగ్గర పట్టింది పట్టినట్టు ఉంది. విన్నాక పొమ్మంటే పోతాను."

తల్లి తల తిప్పుకుంది. రాత్రి అక్కడే ఉండిపోయిన చెల్లెలు వచ్చి, చిన్నపిల్లకి టోపీ పెట్టినట్టు, వాటిని అక్క తలకి తగిలించింది.

మళ్ళీ అదే ఊపిరి. ఈసారి తెర లేదు, చీకటి లేదు. ఆయన ఆ గదిలోనే, గోడ అవతలే ఉన్నాడు. ఆమె మిషన్ అంచు గట్టిగా పట్టుకుంది. మధ్యలో చిట్టి గొంతు వినిపించింది. చాలు నాన్నా, అలసిపోతావు. ఆయన ఆయాసపడుతూ అన్నాడు: "చాలదు. ఆటలో ఆ ఊపిరి బాలేదని... నువ్వే అన్నావుగా. దుమ్ము పీల్చినోడి ఊపిరి... దుమ్ము పీల్చినోడే ఇవ్వాలి. వాడు చెడ్డోడు కాదు చిట్టీ. పని దిగి ఇంటికి పోదామంటే... దారి దొరకడం లేదు. అంతే."

ఆమె కళ్ళు మూసుకుంది. ఊపిరి వెనకాల ఇంకేదో వినిపిస్తోంది. దూరంగా, సన్నగా, టకటకమని.

"ఏంటే ఆ చప్పుడు?"

"నువ్వే" అంది చిట్టి. "నీ మిషన్. ఇంకా విను."

ఆయన ఊపిరి ఒకచోట తెగింది. ఆ వెంటనే టకటకా ఆగింది. ఏ చప్పుడూ లేదు. తర్వాత ఆయన ఊపిరి తోడుకున్నాడు. మిషన్ కదిలింది. మళ్ళీ ఊపిరి ఆగింది, మళ్ళీ మిషన్ ఆగింది. ఆమె తన కాళ్ళ వంక చూసుకుంది. తన కాలు అలా ఆగేదని ఆమెకి తెలియదు. పని చేసుకుంటున్నాను, ఏమీ పట్టనట్టే ఉన్నాను, ఆయనకి నా భయం తెలియదు అనుకుంది ఇన్నాళ్ళూ.

అప్పుడు ఆయన గొంతు మళ్ళీ వచ్చింది. అందులో నవ్వుంది.

"అదిగో, ఆపేసింది చూడు మీ అమ్మ. ఇప్పుడు నేను పీల్చకపోతే... ఎవరి పిల్లాడో చొక్కా లేకుండా... బడికి పోతాడు." తర్వాత కష్టపడి, పొడుగ్గా, ఒక ఊపిరి. గోడ అవతల మిషన్ టకటకమని అందుకుంది. "చూశావా. పన్లో పడింది."

ఆమె హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

సినిమాలో కూడా ఆ చప్పుడు ఉందని చిట్టి చెప్పింది. తీసేయమన్నారట స్టూడియోలో. తీస్తే ఆయన ఊపిరి కూడా సగం పోయేదట, అందుకని ఉంచేసింది. ఇప్పుడు ఆటగాళ్ళంతా దాని గురించి కొట్టుకుంటున్నారంది. గని యంత్రమని కొందరు, ముసలోడి గుండె చప్పుడని కొందరు.

"ముందే నీకు చెప్పాల్సింది. నాన్న వద్దన్నారు. నువ్వు ఆపడం తను వింటున్నట్టు తెలిస్తే నువ్వు మిషన్ ఆపకుండా ఆడిస్తావట. అప్పుడు నువ్వు వింటున్నావో లేదో తనకి తెలియదట."

తల్లి తల ఊపింది. ఎవరితోనూ కాదన్నట్టు, గోడతో అంది:

"ఆయన పోయిన రోజు నేను మిషన్ మీద లేను."

ఆ మాట ఆమె ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. ఆ రోజు కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి వీధి చివరిదాకా వెళ్ళింది. దారిలో ఎవరో పలకరిస్తే నిలబడి రెండు మాటలు మాట్లాడింది. తిరిగి వచ్చేసరికి ఇల్లు ఎప్పుడూ లేనంత నిశ్శబ్దంగా ఉంది.

"మిషన్ చప్పుడు లేదు కదే. ఇక ఎవరికోసం పీలుస్తారు? నేనే..."

చిట్టి వచ్చి కింద, చొక్కాల కుప్పలో కూర్చుని, తల్లి మోకాళ్ళ మీద తల పెట్టింది.

"అలా కాదేమో అమ్మా. అప్పటికే చాలా అలసిపోయారు. నువ్వు వింటుంటే ఆయన ఎలా ఆగుతారు? నువ్వు బయటికి వెళ్ళేదాకా ఓపిక పట్టుంటారు."

అప్పుడు ఏడ్చింది దర్జీ ఆవిడ. ఆయన పోయిన రోజున కూడా నలుగురి ముందూ కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చిందే తప్ప, ఇలా కడుపులోంచి తోడుకుని ఏడవలేదు. కూతురి జుట్టులో వేళ్ళు పెట్టి, నోటికి వచ్చిన మాటలన్నీ అనేశానే తల్లీ అంది. అన్నవన్నీ క్యారెట్లేలే అమ్మా, ఎముకలేం విరగలేదు, అంది చిట్టి, మొహం ఎత్తకుండా. చెల్లెలు గుమ్మం దగ్గరి పెట్టెని చప్పుడు కాకుండా లోపలికి తెచ్చి పెట్టింది.

ఆ ఆదివారం తల్లీకూతుళ్ళిద్దరూ పొద్దుటాటకి వెళ్ళారు. అప్పటికి చొక్కాలు ఇంకా సగం మిగిలే ఉన్నాయి. మిషన్ మీద గుడ్డ కప్పి వచ్చింది ఆమె.

ఆ అమ్మాయి సొరంగం గోడకి వీపు ఆనించింది. దీపం ఆరిపోయింది. తెర నల్లగా అయింది. తోడినట్టు ఊపిరి వచ్చింది. దాని వెనక, చెవి పెట్టి వింటే తప్ప తెలియకుండా, టకటకా వచ్చింది. చిట్టి చీకట్లో తల్లి చేయి వెతికి పట్టుకుంది.

ఊపిరి ఆగింది. టకటకా ఆగింది.

హాలంతా గప్‌చుప్‌గా అయిపోయింది. పక్క సీటు కుర్రాడి చేయి నోటి దగ్గరే నిలిచిపోయింది. నవ్వేవాళ్ళు లేరు, కదిలేవాళ్ళు లేరు. ముక్కూ మొహం తెలియని ఇంతమంది మనుషులు, గోడకి చెవి ఆనించినట్టు ముందుకు వంగి, ఆయన ఊపిరి కోసం ఎదురు చూస్తున్నారు.

పీల్చండి, అనుకుంది ఆమె. నేను వింటున్నాను, పీల్చండి.

ఆయన పీల్చాడు.