ముఖాల గదిలో మూడో ప్రశ్న

మా పిన్ని పనిచేసే మ్యూజియంలో మేడ మీద, వరండా చివర, ఏడో నంబరు గది ఒకటుంది. దానికి మంచి పేరు లేదు.

గదినిండా ముఖాలే. ఎక్కడెక్కడి దేశాలవో, ఎన్ని వందల ఏళ్ళ నాటివో — నాట్యానికి కట్టుకునేవి, యుద్ధానికి కట్టుకునేవి, చచ్చిపోయినవాళ్ళని సాగనంపేటప్పుడు కట్టుకునేవి. కొయ్యవి, తోలువి, గడ్డితో అల్లినవి. పగలు చూస్తే ముచ్చటేస్తుంది. చీకటి పడ్డాక మాత్రం ఆ గదిలో ఎవరూ నోరు తెరిచి ఏమీ అడక్కూడదట. అడిగితే... జవాబు వస్తుందట.

కాపలా అతను ఒకసారి అడిగాడు. రాత్రి రౌండుకొచ్చి, తలుపు ఓరగా తెరిచి ఉండటం చూసి, తనలో తనే "ఈ తలుపెవరు తీశారబ్బా?" అన్నాడట. లోపల్నుంచి మెల్లగా — "నేనే" అని వినబడింది. ఆ 'నేను' ఎవరో కనుక్కునే ఓపిక ఆయనకి లేకపోయింది. ఒక్క పరుగులో గేటు దగ్గర తేలాడు. వారం రోజులు సెలవు పెట్టాడు. లైట్లు బాగుచేసే అతనైతే ఇంకా ఘనుడు. ఈ మాట విని, ఆ గదిలో వదిలేసిన నిచ్చెన కోసం వెళ్ళకుండా కొత్త నిచ్చెన కొనుక్కున్నాడు.

ఇదంతా పిన్ని నోట విన్నదే. ఆవిడ అబద్ధాలాడదు గానీ కాస్త ఉప్పూకారం తగిలిస్తుంది. అది తీసేసి చెబుతున్నాను.

పిన్ని ఉద్యోగం, బడిపిల్లలకి మ్యూజియం చూపించడం. చూపించడమంటే గడగడా అప్పజెప్పడం కాదు. ఒక వస్తువు ముందు పిల్లల్ని కూర్చోబెట్టి మూడే మూడు ప్రశ్నలు అడుగుతుంది. ఇక్కడ ఏం జరుగుతోంది? ఎందుకలా అనిపించింది? ఇంకా ఏం కనబడుతోంది? అడిగాక నోరు మూసుకుని మనసులో ఏడు దాకా లెక్కపెడుతుంది. "ఏడయ్యేలోపు మనం నోరు తెరిస్తే పిల్లలు ఇంక తెరవరు" అంటుంది. ఇంట్లోనూ ఇదే వరస. "డబ్బాలో బిస్కెట్లు ఏమయ్యాయి?" అని అడిగి ఊరుకుంటుంది. బాబాయి ఐదుకే ఒప్పేసుకుంటాడు.

ముఖాల గదిలో మాత్రం ఈ మంత్రం పారలేదు. దాని సంగతి బళ్ళన్నిటికీ పాకిపోయి, గోరంత కొండంత అయింది. ఎంత అల్లరి పిల్లలైనా గడప దాటగానే ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని బెల్లం కొట్టిన రాళ్ళలా నిలబడేవారు. ఏడు కాదు, డెబ్భై లెక్కపెట్టినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. వరసగా మూడు బళ్ళ టీచర్లు "ఆ గది వద్దులెండి మేడమ్" అనేశారు.

డైరెక్టరుగారు పిన్నిని పిలిచారు.

"రేపొచ్చే బడితో పాటు నేనూ వస్తాను. ఆ గదిలో పిల్లలు మాట్లాడితే సరే. లేదంటే ముఖాలు పెట్టెల్లోకి, మీరు టికెట్ కౌంటర్లోకి."

పిన్నికి గుండె జారిపోయింది. టికెట్లివ్వడం నామోషీ అని కాదు. ఒక కొయ్యముక్కని చూసి పిల్లల కళ్ళు పెద్దవవుతాయే, పన్నెండేళ్ళుగా ఆవిడ దానికోసమే పొద్దున్నే లేచి వెళుతోంది. అది పోతే ఆవిడ ఎలా ఉంటుందో మాకెవరికీ ఊహకి కూడా అందలేదు.

అందుకని ఆ సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక ఒక్కతే మేడెక్కింది. రేపటి పాఠం అక్కడే ఒకసారి చెప్పి చూసుకుందామని.

ఏడింటికి లైట్లు వాటంతటవే ఆరిపోతాయి. ఆరిపోయాయి.

పిన్ని ఫోను టార్చి వేసుకుంది. గది మధ్య, నాలుగు కాళ్ళ మీద నిలబెట్టిన గాజుపెట్టెలో, నోరు బార్లా తెరిచిన కొయ్యముఖం. దాని దగ్గర చీటీ — 'నవ్వే ముఖం'. చుట్టూ మిగతా ముఖాలన్నీ చీకట్లో... అన్నీ ఇటే చూస్తున్నట్టు.

పిన్ని గొంతు సవరించుకుంది. ఎదురుగా ముప్పై మంది పిల్లలున్నట్టే అడిగింది.

"ఈ ముఖం ఏం చేస్తోంది?"

అలవాటు కొద్దీ లెక్క మొదలుపెట్టింది. ఒకటి... రెండు... మూడు... నాలుగు... ఐదు...

"ఏడుస్తోంది."

గుసగుసలా. నేల దగ్గర్నుంచి.

పిన్ని పై ప్రాణాలు పైనే పోయాయి. పరిగెత్తాలనుకుంది, కాళ్ళు కదల్లేదు. కానీ పన్నెండేళ్ళ అలవాటు ఊరికే పోతుందా... కాళ్ళు మొరాయించినా నోరు దాని పని అది చేసేసింది.

"ఎం... ఎందుకలా అనిపించింది?"

కథ ఇక్కడికొచ్చినప్పుడల్లా బాబాయి తల పట్టుకుంటాడు. "దెయ్యం మాట్లాడితే దండం పెట్టి పారిపోతారు గానీ, ఎందుకలా అనిపించిందని అడుగుతారుటే!"

ఒకటి... రెండు... మూడు...

"కింద నుంచి చూస్తే తెలుస్తుంది."

పిన్ని మోకాళ్ళ మీద కూలబడి, తల నేలకి ఆనించి, టార్చి పైకి కొట్టింది. ఉబ్బిన బుగ్గల అడుగున, నిలబడి చూస్తే కనబడని చోట, సన్నటి గాట్లు... కన్నీటి చారలు. ఎవరో ఓపిగ్గా ఒక్కొక్కటే చెక్కారు. పన్నెండేళ్ళుగా ఆవిడ ఆ చీటీని నమ్మింది.

భయం ఎటు పోయిందో! నేల మీద అలాగే ఉండి, ఆ ముఖాన్నే చూస్తూ, మూడోది కూడా అడిగేసింది.

"ఇంకా... ఇంకా ఏం కనబడుతోంది?"

ఒకటి... రెండు... మూడు... నాలుగు... ఐదు... ఆరు...

ఏడు.

"వెనక తలుపు మూసుకుపోతోంది."

ఈసారి గొంతు నేల దగ్గర్నుంచి రాలేదు. పైనుంచి వచ్చింది.

పిన్ని గిరుక్కున తిరిగింది. నిజమే! ఆ బరువైన తలుపు చీకటి పడ్డాక ఒకసారి పడిందంటే తాళంచెవి లేకుండా లోపల్నుంచి తెరుచుకోదు, ఆ చెవులేమో కింద బల్ల మీదే ఉండిపోయాయి. మెల్లగా, చప్పుడు లేకుండా పడుతోంది... జానెడు సందు మిగిలింది. అందులోంచి ఎలా దూరిందో ఆవిడకే తెలీదు. ఒక చెప్పు లోపలే ఉండిపోయింది. బతుకు జీవుడా అని ఒంటి చెప్పుతో ఇల్లు చేరింది.

మర్నాడు పిల్లలు నోళ్ళు కుట్టేసుకుని వచ్చారు. డైరెక్టరుగారు చేతులు కట్టుకుని ఓ మూల నిలబడ్డారు.

"అందరూ నేల మీద వెల్లకిలా పడుకోండి" అంది పిన్ని.

ఏ బళ్ళోనూ ఏ టీచరూ చెప్పని మాట! ఒకరి వంక ఒకరు చూసుకున్నారు, కిసుక్కున నవ్వుకున్నారు, పడుకున్నారు. పిన్ని మొదటి ప్రశ్న అడిగింది. మూడుకే ఎవరో "అయ్యో, ఏడుస్తోంది!" అన్నారు. ఇంక చూస్కో, నేనంటే నేనని పోటీ. ఆఖరికి రెండు జడల పిల్ల ఒకతి పడుకునే చెప్పింది.

"చచ్చిపోయినవాళ్ళు పడుకునే ఉంటారు కదా టీచర్. తమ కోసం ఏడుస్తున్నారని వాళ్ళకి తెలియాలని అక్కడ చెక్కుంటారు."

డైరెక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత, ఎవరూ చూడట్లేదనుకుని, ఆయనా పడుకుని చూశారు. వెళుతూ "ఆ చీటీ మార్పించండి" అని మాత్రం అన్నారు. మూడో ప్రశ్నతో పని పడలేదు.

పిల్లలు వెళ్ళాక, గదులు తుడిచే ఆవిడ చెప్పు తెచ్చి పిన్ని ముందు పెట్టింది. ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుని బకెట్టుతో తిరుగుతుంది కాబట్టి అందరూ బకెట్టక్క అంటారు.

"రాత్రి వదిలేసి వెళ్ళారు మేడమ్."

ఆ గొంతే!

"నువ్వా?"

"నేనే. ఆఖర్న ఆ పెట్టె కింద పడుకుని అడుగు భాగం తుడిచి వెళ్తాను. దాని ఏడుపు నాకు రోజూ కనబడుతుంది."

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"నన్నెవరడిగారు మేడమ్? కాపలాయన అడిగాడు. 'నేనే' అన్నాను, పారిపోయాడు. అడిగి ఆగింది మీరొక్కరే."

పిన్నికి సిగ్గుతో తల వాలిపోయింది. ఊరందరి పిల్లల్నీ ప్రశ్నలడిగే మనిషి, పన్నెండేళ్ళలో ఈవిడతో అన్న మాట ఒక్కటే — "పిల్లలు వెళ్ళాక తుడువు". ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"రేపట్నుంచి ఈ గదిలో నా పక్కనే ఉండు అక్కా. పిల్లలకి ఎలా చూడాలో నువ్వే చెబుదువు గాని. అయినా నిన్న నువ్వు తలుపు సంగతి చెప్పకపోతే రాత్రంతా అక్కడే చచ్చేదాన్ని."

"ఏ తలుపు?"

"అదే, మూడో ప్రశ్నకి చెప్పావు కదా."

బకెట్టక్క ముక్కు మీది గుడ్డ కిందికి లాగింది.

"నేను చెప్పినవి రెండే. మీరు వంగి చూస్తుంటే, అడ్డం రాకూడదని చప్పుడు చెయ్యకుండా మీ వెనక నుంచి వచ్చేశాను. బస్సు టైమైంది. తాళాలు మీ దగ్గరుంటాయి కదా అని తలుపు లాగి వదిలేసి మెట్లు దిగిపోయింది నేనే మేడమ్... మరి మూసుకుపోతోందని మీకెవరు చెప్పారు?"

అడిగి, ఆవిడా నోరు మూసుకుని ఆగింది. పిన్ని మనసులో ఏడు దాకా లెక్కపెట్టింది.

ఇప్పటికీ ఆ గదికి వారానికి రెండు బళ్ళొస్తాయి. బకెట్టక్క పిల్లల్ని పడుకోబెడుతుంది, పిన్ని రెండు ప్రశ్నలడుగుతుంది. మూడోది పక్క గదిలోకి వెళ్ళాక అడుగుతారు.