ఒక్క తిట్టూ ఆగలేదు

తలుపు తీసిన అమ్మాయి పలకరించలేదు. వైఫై పెట్టడానికి వచ్చిన మనిషిని పైనుంచి కిందికి ఒకసారి చూసింది. అతని భుజం మీది నిచ్చెనను ఈ కొస నుంచి ఆ కొస దాకా ఇంకోసారి చూసింది.

"మూడు రోజుల నుంచి రేపు పొద్దున్నే, రేపు పొద్దున్నే అంటున్నారు. ఆ రేపు ఇదేనా, ఇంకా ముందుందా?"

"ఇదేనండి."

"అంతేనా? ఒక సారీ, ఒక సాకు, ఏమీ లేవా?"

"లేవండి. ఆలస్యమైంది."

సాకు చెప్పని మనిషిని ఎలా తిట్టాలో ఆమెకు తోచలేదు. పక్కకు తప్పుకుంది. వెనక ఆమె తల్లి నిలబడి ఉంది. ఆవిడ పెదవులు కదల్లేదు, చేతులు కదిలాయి.

'చూశావా, నిచ్చెనే ఇంకో నిచ్చెనను మోసుకొచ్చింది.'

'నాలుగు ముద్దలు పెడితే మెట్లు కనపడవులే,' అని కూతురు కూడా వేళ్లతోనే జవాబిచ్చింది.

నిచ్చెన కొస వెళ్లి ద్వారబంధానికి తగిలింది. తగలదా మరి! అతనికి ప్రతి మాటా అర్థమైంది. అతని అన్నకు పుట్టుకతోనే వినపడదు. ఊహ తెలిసినప్పటి నుంచి ఆ అన్నతో చేతులతోనే ఆడాడు, చేతులతోనే పోట్లాడాడు. 'నాకు ఈ భాష వచ్చండి' అన్న ఒక్క మాట ఆ నిమిషంలోనే చెప్పాల్సింది. కానీ నోరు విప్పడం అతనికి మూట ఎత్తినంత పని. మూట ఎత్తేలోపే నిమిషం దాటిపోయింది. ఇప్పుడు చెబితే చాటుగా విన్నట్టుంటుంది. పని ముగించి వెళ్లిపోదాంలే అనుకున్నాడు.

"ఏ గదిలో కావాలండి?"

"మేడ మీద, వెనక గది. పదకొండింటికి నాకు క్లాసు. క్లాసంటే పరీక్షే అనుకోండి. మా అమ్మలా వినపడని పిల్లల బడిలో టీచరు ఉద్యోగం. ల్యాప్‌టాప్ ముందు నిలబడి పాఠం చెప్పి చూపించాలి."

"కింద హాల్లో అయితే సిగ్నల్..."

"కిందైతే కిటికీ వెలుతురు నా వీపు మీద పడుతుంది. చేతులు నల్లగా, నీడల్లా కనిపిస్తాయి." ఆమె గొంతు కాస్త తగ్గింది. "పోయినసారి ఫోన్ నెట్‌తో చెప్పాను. సగంలో బొమ్మ ఆగిపోయింది. మీలాంటి వాళ్లకు బొమ్మ ఆగినా మాట వెళ్తుంది. నాకు బొమ్మే మాట. నా చెయ్యి అలా గాల్లో ఉండిపోయింది, ఉద్యోగం ఇంకొకరికి పోయింది. ఇది కూడా పోతే మళ్లీ ఏడాది దాకా ఖాళీల్లేవు."

గడియారంలో ఎనిమిదిన్నర అయింది.

వాళ్ల నాన్న పదవీ విరమణ చేసిన బస్సు డ్రైవరు. గోడకు వీపు ఆనించి కాపలాగా నిలబడ్డాడు. "బాబూ, ఏమైనా చెయ్యి, గోడకు మాత్రం రంధ్రం పెట్టకు. రంగు వేయించి వారం కాలేదు."

రంధ్రం లేకుండానే కేబుల్ కిటికీ సందులోంచి లోపలికి వచ్చింది. వీధి గది మూలలో రౌటర్ పెట్టాడు. పచ్చ దీపాలు వరసగా వెలిగాయి. తల్లి ఫోన్ పట్టుకుని కింద నిలబడింది, అతనూ అమ్మాయీ మేడ మీద ల్యాప్‌టాప్ ముందు నిలబడ్డారు. తెర మీద ఆవిడ ముఖం నవ్వుతూ కనిపించింది.

'అబ్బాయి పనిమంతుడిలాగే ఉన్నాడు. పెళ్లయిందేమో కనుక్కో.'

'అమ్మా, చేతులు కట్టుకో!' నోరు మూసుకో అనడానికి ఆ ఇంట్లో అదే మాట.

అతనికి పొలమారింది. దగ్గు ఆపుకుని, "ఏమంటున్నారండీ అమ్మగారు?" అన్నాడు.

"బొమ్మ బాగుందంటోంది."

అనడమే ఆలస్యం, బొమ్మ ఆగిపోయింది. ఆవిడ చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది. అమ్మాయి ముఖంలో నవ్వు ఆరిపోయింది. ఆ చెయ్యిని చూస్తున్న ఆమె కళ్లను అతను చూశాడు. పని ముగించి వెళ్లిపోదామన్న ఆలోచన అతన్ని వదిలి ఎటో పోయింది.

ఫోన్ చేత్తో పట్టుకుని గదిలోంచి మెట్ల దాకా ఒక్కో అడుగే వేస్తూ సిగ్నల్ చూశాడు. మెట్లు ఎక్కగానే వచ్చే నడవాలో నిలువుటద్దం ఉన్న ఇనప బీరువా నిటారుగా నిలబడి ఉంది. దానికి మెట్ల వైపు సిగ్నల్ నాలుగు గీతలు ఉంటే, గది వైపు ఒక్కటే.

"దీన్ని ఆ పక్క గోడకు జరపాలండి. ఇనుము, పైగా అద్దం. సిగ్నల్‌ను దాటనివ్వదు. దీని చోట ఇంకో చిన్న పెట్టె పెడతాను. అది కిందనుంచి అందుకుని మీ గదికి పంపుతుంది."

"అది కాలు పెట్టిన చోటి నుంచి కదిలింది లేదు బాబూ!" అన్నాడు నాన్న. అన్నాడే కానీ, కూతురి ముఖం చూసి లుంగీ ఎగ్గట్టాడు.

బట్టలన్నీ బయట కుప్పపోశారు. అతనూ అమ్మాయీ ఒక పక్క, తల్లి గోడ పక్క. నాన్న మెట్ల మీద నిలబడి, "రానీ... రానీ... ఎడమకు కొట్టు... రానీ..." అంటూ బస్సును వెనక్కి తీయిస్తున్నట్టు చెయ్యి ఊపుతున్నాడు.

బీరువా కాలు నున్నటి బండ మీద సర్రున జారింది. మనిషెత్తు ఇనుము గోడవైపు ఒరిగింది. సందు చూసుకోవడానికి తల్లి సరిగ్గా ఆ గోడకే చెయ్యి ఆనించి ఉంది.

"అమ్మా!" కూతురు అరిచింది. అరిస్తే వినపడేదెవరికి?

అతను ఒక చేత్తో బీరువా అంచును వెనక్కి లాగిపట్టి, ఖాళీ చెయ్యి ఆవిడ కళ్ల ముందు ఆడించాడు. 'చెయ్యి తియ్యండి! వెనక్కి!'

ఆవిడ చెయ్యి లాగేసుకుంది. మరుక్షణం బీరువా గోడను గుద్దింది. అరచేతంత రంగు పెచ్చులుగా ఊడింది. నాన్న మాత్రం రంగు మాట ఎత్తలేదు. ముగ్గురూ అతన్నే చూస్తున్నారు.

'నీకు వచ్చా?' అంది తల్లి.

'వచ్చండి. మా అన్నకు వినపడదు.'

అమ్మాయి ముఖం ఎర్రగా కందింది. "అంటే పొద్దున్నుంచీ..."

"పొద్దున్నుంచే అండి."

"నిచ్చెన?"

తల ఊపాడు.

"పెళ్లి?"

"కాలేదండి."

"అది నేనడగలేదు!"

పదీ నలభై అయింది. అతను వంగి చిన్న పెట్టె ప్లగ్ పెట్టాడు. దీపం ఎర్రగా వెలిగి, కాసేపు తటపటాయించి, పచ్చబడింది.

"మీకు నన్ను తిట్టాలనుంది కదండీ," అన్నాడు. ఆ రోజుకు అదే అతని పొడవైన మాట, ఇంకా సాగింది కూడా. "మీ గదిలోంచే తిట్టండి. నేను గేటు దగ్గర ఫోన్‌లో చూస్తాను. ఎంత గబగబా తిడితే అంత మంచిది. ఎక్కడ ఆగుతుందో తెలుస్తుంది."

ఆమెకు రెండోసారి చెప్పనక్కర్లేకపోయింది. గేటు దగ్గర, ఎర్రటి ఎండలో నిలబడి అతను ఫోన్ చూశాడు. పది వేళ్లూ పిడుగుల్లా పడుతున్నాయి. 'మోసగాడు! మూగనోము పట్టినవాడు! ఆలస్యంగా వచ్చిందిగాక ఇంట్లో గుట్టంతా విన్నవాడు! మా అమ్మ చెయ్యి కాపాడావు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ నిచ్చెనకే కట్టేసేదాన్ని!' మూడు నిమిషాలు, ఊపిరి తీసుకోకుండా.

అతను ఫోన్‌ను గేటు మీద ఆనించి రెండు చేతులూ ఖాళీ చేసుకున్నాడు. 'అన్నీ అందాయి. ఒక్క తిట్టూ ఆగలేదు. ఇక పాఠం చెప్పండి.'

తెర మీద ఆమె చేతులు ఆగాయి. ఈసారి ఆపింది నెట్ కాదు, నవ్వు.

పదకొండింటికి పాఠం మొదలైంది. అతను నడవాలో పెట్టె పక్కన చతికిలబడి పచ్చ దీపానికి కాపలా కాశాడు. కొత్త చోటికి జరిగిన బీరువా అద్దంలో వెనక గది కనిపిస్తోంది. పాఠం పేరు వాన. ఆమె వేళ్ల కొసల నుంచి మొదట ఒక చినుకు రాలింది. తర్వాత రెండు. తర్వాత ధారలు. అరచేయి ఆకై వణికింది, పిడికిలి కప్పై గెంతింది. బయట చుక్క మబ్బు లేదు. అయినా అతను తడిసి ముద్దయ్యాడు.

నలభై నిమిషాల తర్వాత తెర నిండా చిన్న చేతులు పైకి లేచి గలగలా ఊగాయి. వినపడని వాళ్ల చప్పట్లు అవి. ఆమె గదిలోంచి దూసుకొచ్చింది.

"వచ్చింది నాన్నా! సోమవారమే చేరమన్నారు! ఒక్కసారి కూడా ఆగలేదు!" తల్లిని వాటేసుకుని అదే వార్తను వీపు మీద వేళ్లతో రాసింది.

నాన్న కళ్లు తుడుచుకుని అతని భుజం చరిచాడు. "రంధ్రం కావాలంటే పెట్టుకో బాబూ! నాలుగు పెట్టుకో!"

ఆ తర్వాత నెలలో ఆ ఇంటి నుంచి మూడు ఫిర్యాదులు వెళ్లాయి. నెట్ రావడం లేదు, ఆ రోజు వచ్చిన అతన్నే పంపండి అని. వచ్చిన ప్రతిసారీ చిన్న పెట్టె ప్లగ్ ఊడి ఉంది. మూడోసారి అతను ప్లగ్ చేతిలో పట్టుకుని లేచాడు.

"ఇది ఎవరి పనండి?"

"ఎలుకేమో," అందామె, గోడకు చెబుతున్నట్టు.

"స్విచ్ ఆపి మరీ తీసింది."

"మా ఎలుకకు జాగ్రత్త ఎక్కువ."

అతను ప్లగ్ కింద పెట్టాడు. నోటితో అయితే తెల్లారిపోయేది. చేతులతో అతను పిసినారి కాడు. అద్దంలో వాన చూసిన దగ్గర్నుంచి మొదలుపెట్టి, ఈ ఇంటి ఫిర్యాదు కాగితం కోసం రోజూ ఆఫీసుకు ముందుగా వెళ్లి కూర్చోవడం దాకా, ఏదీ దాచకుండా చెప్పాడు. చివరికి అడిగేశాడు. 'నాతో ఉంటారా?'

ఆమె జవాబు చెప్పేలోగా అతని ఫోన్ వెలిగింది. వీడియోలో అన్న, సంగతి ఎందాకా వచ్చిందో కనుక్కోవడానికి. ఎప్పుడు మెట్లెక్కి వచ్చిందో, ఫోన్‌ను తల్లి లాగేసుకుంది. అవతల అన్న, ఇవతల ఆవిడ. ఇక ఎవరికీ చెయ్యి పెట్టే సందు లేదు. మీ వాడి వయసెంత, మీ అమ్మాయి చదువెంత, వంట ఎవరికి వచ్చు, కోపం ఎవరికి ఎక్కువ. మెట్ల మీద నుంచి నాన్న, "కాస్త మెల్లగా! మీ వేగం నాకందడం లేదు!" అని మొత్తుకున్నాడు.

'ఇంతకీ అమ్మాయి ఏమంది?' అన్నాడు అన్న.

తల్లి ఫోన్‌ను కూతురి వైపు తిప్పింది. ఆమె చున్నీ సర్దుకుంది, అతని వైపు చూడనైనా చూడకుండా తెరకు ఎదురుగా నిలబడి, తీరిగ్గా చేతులు కదిపింది.

'బావగారూ, భోజనం చేశారా?'

తెర మీద అన్న రెండు చేతులూ పైకెత్తి ఊపాడు. తర్వాత తమ్ముడి మీద విరుచుకుపడ్డాడు.

'ఇంకా అక్కడ నిలబడ్డావేంరా! వచ్చి నన్ను తీసుకెళ్లు! ఇంటి పెద్దను, నేను లేకుండా మాటలెలా మాట్లాడతారు?'